ఏ క్రీమూ పడటం లేదా? ముందు ఆ ట్యూబు మీద ఏం రాసుందో చదవండి

ప్రశ్న: నా వయసు 27. మాది అనంతపురం. రెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. నాది బాగా సెన్సిటివ్ స్కిన్. ఏ ఫేస్‌వాష్ వాడినా చుర్రుమంటుంది. సన్‌స్క్రీన్ రాస్తే ముఖం కందిపోతుంది, ఎండలోకి వెళ్తే మంట. టీ ట్రీ ఫేస్‌వాష్, విటమిన్ సి సీరమ్, అలోవెరా జెల్ అన్నీ మార్చి చూశాను. మొటిమల మచ్చలకని రూమ్మేట్ చెప్పిన ఒక్క క్రీమ్ మాత్రం పడుతోంది. మెడికల్ షాపులో కొని ఏడెనిమిది నెలలుగా రాత్రిపూట రాస్తున్నాను. రెండు రోజులు మానేస్తే ముఖమంతా దురద, సన్న పొక్కులు. నా చర్మానికి సరిపడే మైల్డ్ ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ పేర్లు చెప్పండి.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు అడిగిన మూడింటి గురించీ కింద రాస్తాను. ముందు ఆ ‘పడుతున్న’ క్రీమ్ సంగతి చూద్దాం. రాస్తుంటే బాగుంటుంది, మానేస్తే దురద, పొక్కులు అన్నారు. ఈ మాట చెప్పిన ప్రతి పేషెంటునూ చర్మవైద్యులమైన మేము మొదట ట్యూబు చూపించమంటాం. మీరు క్రీమ్ పేరు రాయలేదు, ముఖం నేను చూడలేదు కాబట్టి ఇదేనని ఖాయంగా చెప్పలేను. అయితే మీరు రాసిన లక్షణాలు స్టెరాయిడ్ కలిసిన క్రీమును నెలల తరబడి ముఖానికి రాసినవారిలో తరచుగా కనిపించేవే.

ట్యూబు వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటసోన్, ఫ్లుఓసినోలోన్ – వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే. మచ్చలకని అమ్మే ట్యూబుల్లో చాలావరకు మూడు మందులు కలిసి ఉంటాయి: మొమెటసోన్ లాంటి ఒక స్టెరాయిడ్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పై పొరను ఒలిచే ట్రెటినాయిన్. మంగు మచ్చలకు డాక్టర్లు ఈ కలయికను రాస్తారు. అదీ కొన్ని వారాలకే, మధ్యమధ్య చూస్తూ, టైముకి ఆపేస్తూ. ఎనిమిది నెలలు రాయాల్సిన మందు కాదిది.

జరిగేది ఇదీ. స్టెరాయిడ్ ముఖంలోని సన్న రక్తనాళాలను కుదిస్తుంది, వాపును అణచేస్తుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు ముఖం తేటగా, తెల్లగా కనిపిస్తుంది. అదే సమయంలో లోపల చర్మం పలచబడుతుంటుంది. తేమను పట్టి ఉంచే కొవ్వు పదార్థాలు, ముఖ్యంగా సెరమైడ్లు, తయారవడం తగ్గుతుంది. అలా తయారైన చర్మానికి మామూలు నీళ్లు కూడా చుర్రుమంటాయి. క్రీమ్ ఆపగానే కుదించుకున్న నాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, ముఖం ఎర్రబడి మండుతుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది. దాంతో మనిషి ఆ ట్యూబుకు కట్టుబడిపోతుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే, ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ (పైపూత స్టెరాయిడ్‌తో పాడైన ముఖం) అనే పేరు పెట్టింది కూడా మన చర్మవైద్యులే. బుగ్గల మీద ఎర్రటి సన్న దారాల్లాంటి నాళాలు, గడ్డం దగ్గర కొత్తగా నూగు వెంట్రుకలు, ఒకే సైజులో గుంపుగా లేచే పొక్కులు ఉన్నాయేమో అద్దంలో చూసుకోండి.

అంటే మీ చర్మం పుట్టుకతోనే సున్నితమైనదని అనుకోవాల్సిన పని లేకపోవచ్చు. రెండేళ్ల కిందట అనంతపురం నుంచి వచ్చినప్పుడు ఇదే ముఖానికి మామూలు సబ్బు పడిందా? పడి ఉంటే, నా అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇప్పుడేం చేయాలి? ఈ వారంలోనే ఒక చర్మవైద్యుణ్ని కలవండి. ఈలోగా క్రీమ్ ఇంకా ఎక్కువసార్లు రాయకండి, అయిపోతే ఇంకో ట్యూబు కొనకండి. ఒక్కసారిగా ఆపాలా, తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్‌కు మార్చి రోజు విడిచి రోజు రాస్తూ తగ్గించాలా అన్నది ట్యూబులో ఉన్న మందు శక్తిని బట్టి, మీ చర్మం పరిస్థితిని బట్టి ఉంటుంది. అది ముఖం చూసే డాక్టరే తేల్చాలి. ఆపిన కొద్ది రోజుల్లోనే ఎర్రదనం, మంట విజృంభించవచ్చు. అది ముందే తెలిసి ఉంటే భయపడి మళ్లీ ట్యూబు పట్టుకోరు. పూర్తిగా నెమ్మదించడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గుతుందని ఇంటర్నెట్‌లో చదివి కొనుక్కోకండి. మొదటి రోజుల్లో అదీ మండుతుంది, ఎక్కడ ఎంత రాయాలో చెప్పేవాళ్లు ఉండాలి.

మెడికల్ షాపు విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన బిగించింది. అట్టపెట్టె మీద ఆర్‌ఎక్స్ గుర్తు, నిలువునా ఎర్ర గీత ఉంటాయి. ఆ గీత ఉన్న ట్యూబును చీటీ అడక్కుండా ఇస్తే తీసుకోకండి, రూమ్మేట్‌కు పడింది కదా అని అసలే రాయకండి. తామరకు, దురదకు, మొటిమకు అన్నిటికీ ఒకే ట్యూబు ఇచ్చే షాపులు ఉన్నాయి. తామర మీద స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం రూపు మార్చుకుని పాకుతుంది. తర్వాత దాన్ని గుర్తుపట్టడం మాకూ కష్టమవుతుంది.

ఒకవేళ మీది మందుల వివరాలే లేని, విదేశీ భాషలో అక్షరాలున్న డబ్బా అయితే వెంటనే ఆపేయండి. తెల్లబరిచే అలాంటి క్రీముల్లో పాదరసం దొరికిన సందర్భాలున్నాయి. అది కిడ్నీలకు చేటు. పాదాలు, ముఖం ఉబ్బుతున్నా, మూత్రం నురగగా వస్తున్నా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. గర్భం ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా డాక్టరుకు ముందే చెప్పండి. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ ఆ సమయంలో వాడరు.

ఇక మీరు అడిగినవి. బ్రాండ్ పేర్లు రాయను. అదే పేరుతో ఫార్ములా మారిపోతుంటుంది. ఏం చూసి కొనాలో చెబుతాను. రాబోయే ఆరు వారాలు మూడే వస్తువులు: నురగ తక్కువున్న క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. సీరమ్‌లు, స్క్రబ్‌లు, టోనర్లు, నిమ్మరసం, శనగపిండి పసుపు రుద్దుళ్లు అన్నీ పక్కన పెట్టండి. మీరు మార్చి చూసిన టీ ట్రీలో సువాసన నూనెలుంటాయి, విటమిన్ సి సీరమ్‌లు చాలావరకు ఆమ్లగుణంతో ఉంటాయి. పాడైన చర్మానికి రెండూ మంటే పుట్టిస్తాయి. నేచురల్ అని రాసి ఉండటం హామీ కాదు. హైపోఅలర్జెనిక్, డెర్మటాలజికల్లీ టెస్టెడ్ అన్న మాటలూ అంతే. వాటికి గట్టి చట్టపరమైన కొలత లేదు.

క్లెన్సర్‌లో సోడియం లారిల్ సల్ఫేట్ లేకుండా చూసుకోండి. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది, ముఖం చర్మానిది 5 దరిదాపుల్లో. అందుకే 5.5 అని రాసినది మేలు. రోజుకు ఒక్కసారి, రాత్రి చాలు. పొద్దున ఒట్టి నీళ్లతో కడుక్కోండి. మాయిశ్చరైజర్‌లో గ్లిజరిన్, సెరమైడ్, పెట్రోలేటమ్ లేదా డైమెథికోన్ ఉంటే మంచిది. యూరియా, లాక్టిక్ యాసిడ్ ఉన్నవి ఇప్పుడు వద్దు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉండాలి. ‘అన్‌సెంటెడ్’ అంటే వాసన కప్పిపుచ్చడానికి ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. ముఖం ఇంకా తడిగా ఉండగానే రాయండి. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నది ఎంచుకోండి, ఎస్‌పీఎఫ్ 30 అయినా ఉండాలి. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత కావాలి. తెల్లగా కనిపిస్తుందని చాలామంది అందులో పావు వంతు రాసి ‘పనిచేయలేదు’ అంటారు. బెంగళూరు చల్లగా ఉంటుందని ఎండను తక్కువ అంచనా వేయకండి. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరిది, ఎత్తు పెరిగేకొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతా పెరుగుతుంది.

కొన్న ప్రతిదాన్నీ మోచేతి లోపలి మడత దగ్గర ఒకే చోట రోజుకు రెండుసార్లు, కనీసం వారం రోజులు రాసి చూడండి. ఏమీ కాకపోతే దవడ పక్కన మూడు రోజులు. ఆ తర్వాతే ముఖానికి. రెండు కొత్త వస్తువులు ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు. స్టెరాయిడ్ రాస్తూ చేసే ఈ పరీక్షను కూడా నమ్మలేం. అది రియాక్షన్‌ను అణచిపెడుతుంది.

మీ ప్రాంతంలో పీజీలకు ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లే ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న ఉప్పునీళ్లలో సబ్బు సరిగా పోదు, తెట్టులా చర్మం మీద నిలుస్తుంది. చివరగా ఒక చెంబు తాగే నీళ్లతో ముఖం కడగండి. గీజర్ వేడినీళ్లు ముఖానికి వద్దు.

ఇంకొక్కటి. కనురెప్పలు, మెడ ముడతలు, మోచేతి మడతలు కూడా దురద పెడుతున్నాయా? ఆరుబయటకు వెళ్లొచ్చాక ఎక్కువవుతోందా? అయితే వయ్యారిభామ ఎలర్జీని కూడా అనుమానించాలి. బెంగళూరు ఖాళీ స్థలాల్లో ఆ మొక్క విపరీతం. దాని పొడి గాలిలో వచ్చి ముఖం మీద పడుతుంది. అప్పుడు ప్యాచ్ టెస్ట్ చేయిస్తారు: ఎలర్జీ తెప్పించే పదార్థాలున్న పట్టీలను వీపు మీద అంటించి, 48 గంటలకు తీసి చూసి, 96 గంటలకు మళ్లీ చూస్తారు.

విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది, ఖర్చుకు వెనకాడి వాయిదా వేయకండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, అట్టపెట్టె, వాడి వదిలేసిన సీసాలన్నీ ఒక సంచిలో తీసుకెళ్లండి. క్రీమ్ కళ్ల దగ్గర కూడా రాసి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, కంటి ప్రెషర్ చూపించాలి. చూపు మసకబారినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, ముఖం వాచి చీము పట్టినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.