ఆ ఐదు లక్షలకు రసీదు రాదు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర పల్లె. నాకు 54 ఏళ్లు. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో 19 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. జీతం 24,000 రూపాయలు. ఆర్డర్లు లేవని నాలుగు నెలలుగా సగమే ఇస్తున్నారు. మా అబ్బాయికి 26 ఏళ్లు. బీకాం చదివి, మూడేళ్లుగా ఒంగోలులో హాస్టల్‌లో ఉండి గ్రూప్-2కు చదువుతున్నాడు. నెలకు 9,000 పంపుతున్నాను. బ్యాంకులో 7 లక్షల డిపాజిట్ ఉంది, వచ్చే నెల 14న గడువు తీరుతుంది. తెలిసిన ఒకాయన 5 లక్షలు ఇస్తే ప్రభుత్వ కార్యాలయంలో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం వేయిస్తానంటున్నాడు. జీతం 15,000. ముందు ముందు పర్మినెంట్ అవుతుందట. డబ్బుకు ప్రామిసరీ నోటు కూడా రాసిస్తాడట. ఇవ్వమంటారా, ఇంకో రెండేళ్లు చదివించమంటారా? పీఎఫ్ తీసేద్దామని కూడా అనుకుంటున్నాను. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు, ఆమె సంగతి తర్వాత చూడవచ్చు.

జవాబు: ఇవ్వకండి. మిగిలిన విషయాలు నిదానంగా మాట్లాడుకుందాం, ఈ ఒక్కటి మాత్రం ఇవాళే ఆయనకు ఫోను చేసి చెప్పేయండి.

మీరు జీవితమంతా లెక్కలు రాసినవారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. 15,000 జీతంలో అబ్బాయి నెలకు 5,000 మిగిల్చాడనుకుందాం. పెట్టిన 5 లక్షలు తిరిగి రావడానికి వంద నెలలు పడుతుంది. అంటే ఎనిమిదేళ్ల నాలుగు నెలలు, అదీ వడ్డీ వదిలేసుకుంటే. ఆ ఎనిమిదేళ్లూ కాంట్రాక్టు కొనసాగుతుందని ఎవరు హామీ ఇస్తారు? ‘పర్మినెంట్ అవుతుంది’ అన్న మాట ఆయన నోట్లోంచి వచ్చిందే తప్ప, ఏ ఉత్తర్వులోంచీ రాలేదు. ఇక ఆ నోటు సంగతి. చట్టవిరుద్ధమైన పనికి ఇచ్చిన డబ్బును నోటు చూపించి కోర్టులో రాబట్టుకోవడం దాదాపు కుదరని పని. పైగా 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవారిదీ నేరమే. డబ్బు పోయిందని ఫిర్యాదు చేయాలన్నా ముందు మీ తప్పు మీరే ఒప్పుకోవాలి. ఆయన ధైర్యమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు చదువు విషయం. ప్రభుత్వ ఉద్యోగం మీద మీకున్న ఆశను నేను తక్కువ చేయను. 2020 మార్చి జీతంలో సగాన్ని మన రాష్ట్ర ప్రభుత్వం వాయిదా వేసింది, ఉద్యోగులు గొడవ పెట్టారు, ఆ సొమ్ము తర్వాత చేతికొచ్చింది. మీకు ఈ నాలుగు నెలల్లో పడని సగం జీతం ఎప్పటికైనా వస్తుందా? ఆ తేడా చూసినవారెవరైనా పిల్లలను గ్రూప్-2 రాయమనే అంటారు. అయితే పింఛను ఊహను కాస్త సరిచేసుకోండి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి మన తండ్రుల కాలం నాటి పింఛను లేదు, వారి జీతంలోంచే పది శాతం కోత పడుతుంది.

చిక్కు ఎక్కడుందంటే, మీ ఫ్యాక్టరీని కుంగదీసిన కాలమే ఖజానానూ కుంగదీస్తుంది. చీమకుర్తి రాయి కదలకపోతే లారీ కదలదు, డీజిల్ అమ్ముడుపోదు, తవ్విన రాయి మీద ప్రభుత్వానికి కట్టే సీనరేజీ రాదు, జీఎస్టీ తగ్గుతుంది. రాబడి తగ్గినప్పుడు ప్రభుత్వాలు ముందుగా వెనక్కి నెట్టేది కొత్త నియామకాలనే. సరిగ్గా అప్పుడే అభ్యర్థులు పెరుగుతారు. మా ఆఫీసు పక్క వీధిలో ఒక రీడింగ్ రూం ఉంది. పొద్దున ఆరింటికే గుమ్మం ముందు చెప్పులు రెండు వరుసలు దాటి ఉంటాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి రొయ్యల ధర పడిపోయాక, కొత్తపట్నం వైపు చెరువులున్న ఇళ్ల పిల్లలూ అక్కడ కనిపించారు. పైగా 2022 జనవరి నుంచి పదవీ విరమణ వయసు 62కు పెరిగింది. అప్పటికి అరవైకి దగ్గరపడ్డవారి కుర్చీలు మరో రెండేళ్లకు గానీ ఖాళీ కాలేదు.

కాలం లెక్క కూడా చూడండి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది, తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. గ్రూప్-2 ప్రకటన 2023 డిసెంబరులో వెలువడితే మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగింది, పోస్టులు తొమ్మిది వందల చిల్లర. 2025 నాటి మెగా డీఎస్సీ 16,347 టీచరు పోస్టులతో వచ్చిన పెద్ద నియామకం. దానికే మూడు లక్షల ముప్పై వేలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. మీవాడికి బీఈడీ లేదు కాబట్టి ఆ దారి ఎలాగూ లేదు.

మూడేళ్లలో మీరు పంపింది 3,24,000. అదే కాలంలో అతను నెలకు 12,000 చొప్పున సంపాదించి ఉంటే 4,32,000. రెండూ కలిపితే మీ డిపాజిట్‌ను మించిపోతుంది. నేను దెప్పడానికి చెప్పడం లేదు. ఈ ఖర్చుకు ఇంతవరకూ పద్దు లేదు, ఇకనైనా పెట్టాలి.

2023 నాటి గ్రూప్-2 ప్రకటనలో 42 ఏళ్ల దాకా అవకాశం ఇచ్చారు చూడండి, చాలా ఇళ్లలో మోసపోయేది ఆ అంకె దగ్గరే. ‘ఇంకా పదహారేళ్లుందిగా’ అనిపిస్తుంది. ఇటు బ్యాంకు క్లర్కు పరీక్షకు గరిష్ఠ వయసు 28. బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు ఉంటుంది. మీది ఏ కేటగిరీయో రాయలేదు. ఏదైనా సరే, ముందు మూసుకుపోయే తలుపు అదే. ఆ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఏటా పరీక్షల క్యాలెండర్ ముందుగానే ప్రకటిస్తుంది, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సిన పని లేదు. అబ్బాయి బీకాం చదివాడు, లెక్కలున్న ఇంట్లో పెరిగాడు. అతని పుస్తకాల సంచిలో బ్యాంకు పరీక్షల పుస్తకం ఒక్కటైనా ఉందో లేదో అడిగి చూడండి.

నా సలహా ఇది. ఇంకో పది నెలలు, నెలకు 9,000, మొత్తం 90,000. ఆ సొమ్ము విడిగా తీసి అబ్బాయి ఖాతాలోనే వేసేయండి, తన డబ్బు కరుగుతుంటే తనకే కనిపించాలి. ఆ పది నెలల్లో బ్యాంకు పరీక్షలు రాయాలి. అది అయిపోయాక చదువు మానమని కాదు, పూర్తికాలం చదువు మానమని. ఒంగోలులో ఆడిటర్ ఆఫీసుల్లో ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు తెలిసిన కుర్రవాడికి పని దొరకనంత కరువు రాలేదు. పగలు పని, రాత్రి గ్రూప్-2. ఈ మాట మీరు చెబితే పోట్లాట అవుతుంది. వాళ్ల మేనమామతోనో, అతను గౌరవించే మాస్టారితోనో చెప్పించండి.

మీ పీఎఫ్ జోలికి వెళ్లకండి. 2024-25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, పెద్ద బ్యాంకుల డిపాజిట్లలో మీకు అంత రాదు. అంతకన్నా ముఖ్యమైనది గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు సర్వీసు లెక్కన యజమాని ఇవ్వాల్సిన సొమ్ము. ఇది చివరిగా తీసుకున్న వేతనాన్ని బట్టి లెక్కిస్తారు. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున, నెలను 26 రోజులుగా తీసుకుంటారు. లెక్కలోకి వచ్చే వేతనం 14,000 అనుకున్నా, 19 ఏళ్లకు లక్షా యాభై మూడు వేల దాకా వస్తుంది. ఇప్పుడు సగం ఇస్తున్నది తాత్కాలికమా, లేక రికార్డుల్లోనే మీ వేతనం తగ్గించారా? ఆ రిజిస్టరు రాసేది మీరే కదా, చూడండి. ‘రాజీనామా ఇచ్చి రోజుకూలీ కింద రండి’ అంటే నోటిమాటతో ఒప్పుకోకండి.

ఇక అమ్మాయి. స్లాబుల కొలతలు రాసే చీటీల వెనక వైపు మీరు రాసిన ఉత్తరం మూడు పేజీలుంది. అబ్బాయి గురించి రెండున్నర పేజీలు, అమ్మాయి గురించి ఒక్క వాక్యం, అదీ ‘తర్వాత చూడవచ్చు’ అని. ఈ ఇంట్లో జీతానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది ఆ పిల్లే. మందగమనం వచ్చిందని ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీగా ఉండవు. నాలుగో ఏడు ఫీజు 70,000 అని చివర్లో చిన్న అక్షరాల్లో రాశారు. డిపాజిట్‌లోంచి మొదట తీయవలసింది అదే, అన్నయ్య 90,000 కన్నా ముందు.

మరో లక్షా ఇరవై వేలు ఆరు నెలల ఇంటి ఖర్చుకని అడిగిన వెంటనే తీసుకునేలా ఉంచండి. మిగిలిన 4,20,000 మళ్లీ డిపాజిట్ చేసి, మీకు 58 వచ్చేదాకా మరచిపోండి. 14వ తేదీన బ్యాంకుకు వెళ్లేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. మీరు జతచేసిన రసీదు నకలులో నామినీగా మీ అమ్మగారి పేరే ఉంది. ఆవిడ కాలం చేసి ఆరేళ్లయిందని మీరే ఇంకోచోట రాశారు.