ఉప్పునీటి ట్యాంకుకు ఆటోమేటిక్ మేత: మీ ప్రశ్నలు, మా జవాబులు

పెద్ద ఉప్పునీటి ట్యాంకుల్లో చేపలకు మేత యంత్రంతో వేయించడం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. అన్నింటికీ కలిపి ముందుగా ఒక్క మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు రోజులు పస్తున్నా తట్టుకుంటుంది. నాలుగు రోజుల మేత ఒక్కసారే పడితే మాత్రం ట్యాంకు మొత్తం పోవచ్చు. అందుకే యంత్రం చెడితే మేత ఆగిపోవాలి తప్ప, కుమ్మరించకూడదు. కింది సలహాలన్నీ ఈ లెక్కలోనే ఇచ్చాం.

ప్రశ్న: మాది ఆరడుగుల ట్యాంకు, సంపుతో (కింద ఉండే ఫిల్టర్ ట్యాంకుతో) కలిపి 900 లీటర్లు. రెండు క్లౌన్‌ఫిష్, మూడు టాంగ్‌లు, ఒక ఫాక్స్‌ఫేస్, ఏడు క్రోమిస్ ఉన్నాయి. వారం రోజులు ఊరెళ్లాలి. తిరిగే డ్రమ్ములోంచి మేత రాల్చే డ్రమ్ము ఫీడర్ కొన్నాం. అందులో ఎంత మేత పోయాలి? రోజుకు ఎన్నిసార్లు తిప్పాలి? – పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇప్పుడు మీరు చిటికెలతో వేస్తున్న మేత ఎన్ని గ్రాములో ముందు తెలుసుకోండి. నగల దుకాణాల్లో వాడేలాంటి, 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా చాలు. మేత డబ్బాను ఈరోజు తూచండి, ఏడు రోజుల తర్వాత మళ్లీ తూచండి. తేడాను ఏడుతో భాగిస్తే రోజువారీ మేత వస్తుంది. అది 3 గ్రాములు అనుకుందాం. మీరు లేని రోజుల్లో అందులో 60 శాతం, అంటే 1.8 గ్రాములు వేస్తే సరిపోతుంది.

తర్వాత డ్రమ్మును కొలవండి. 1 మి.మీ. గుళికలు పోసి, కింద కాగితం పరిచి, మొదటి మూడు తిప్పుళ్ల మేత లెక్కలోంచి తీసేయండి. ఆ తర్వాతి పది తిప్పుళ్లది తూచి పదితో భాగించండి. ఒక తిప్పుకు 0.3 గ్రాములు వస్తే, పూటకు రెండు తిప్పుల చొప్పున మూడు పూటలకు మీ లెక్క కుదిరినట్టే. డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడూ అడుగంటినప్పుడూ పడే మేత ఒకటి కాదు. కాబట్టి ఊరెళ్లేటప్పుడు ఎంత పోస్తారో అంతే పోసి కొలవాలి. రెండు సైజుల గుళికలు కలపకండి. తిరిగేకొద్దీ చిన్నవి ముందు జారిపోయి, చివరి రోజులకు పెద్దవే మిగులుతాయి. క్రోమిస్‌ల నోటికి అవి పట్టవు. ఫ్లేక్స్ (రేకుల మేత) అయితే తలుపు దగ్గర అడ్డంపడి ఇరుక్కుంటాయి. వెల్లుల్లి రసంలోనో విటమిన్ చుక్కల్లోనో నానబెట్టిన మేత ఫీడర్‌లోకి అసలు వద్దు.

ఇక డ్రమ్ములో ఎంత పోయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఏడు రోజులకు 12.6 గ్రాములు కావాలి. అడుగున మిగిలేదానికి ఇంకో రెండు మూడు గ్రాములు కలిపి 15 దగ్గర ఆపండి. చోటుంది కదా అని 50 గ్రాములు పోయకండి. ఎందుకో లెక్క చూడండి. గుళికల్లో ప్రొటీన్ 50 శాతం ఉంటే, ప్రొటీన్‌లో నైట్రోజన్ 16 శాతం కాబట్టి, ప్రతి గ్రాము మేతలో సుమారు 80 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది. 50 గ్రాములూ ఒకేసారి పడి కుళ్లితే 4 గ్రాముల నైట్రోజన్ అమ్మోనియా రూపంలో నీటిలో చేరుతుంది. 900 లీటర్లకు అది లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటుతుంది. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి, ఆ అమ్మోనియాలో విషపు వాటా మంచినీటి ట్యాంకులో కన్నా ఎక్కువ. ఆ మోతాదుకు చేపలు బతకవు.

మామూలు రోజుల సంగతికీ ఇదే లెక్క పనికొస్తుంది. మీ ట్యాంకులో ప్రతి గ్రాము మేతా చివరికి లీటరుకు దాదాపు 0.4 మిల్లీగ్రాముల నైట్రేట్‌గా మారగలదు. రోజుకు 3 గ్రాములంటే 1.2. స్కిమ్మర్ (నురుగుతో మురికిని తీసే పరికరం), నీటి మార్పిడి, నాచు కలిసి అంత తీయగలుగుతున్నాయా అన్నది టెస్ట్ కిట్‌తో చూసుకోవాలి.

ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే ఫీడర్ బిగించి, మీరు ఇంట్లో ఉండగానే నడపండి. బయల్దేరే ముందు కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి. నీళ్లు సంపులోకి జారే అంచుకు దూరంగా, తేలే ఫీడింగ్ రింగ్ లోపల గుళికలు పడేట్టు చూసుకోండి. లేకపోతే సగం మేత ఫిల్టర్ సాక్‌లోకి (వడకట్టే గుడ్డ సంచిలోకి) పోతుంది. పక్కింటివారు చూసిపెడతామంటే సంతోషమే కానీ, వారి చేతికి మేత డబ్బా మాత్రం ఇవ్వకండి. మాత్రలు పెట్టుకునే ఏడు గదుల ప్లాస్టిక్ పెట్టెలో రోజుకింత తూచి పెట్టి, ఫీడర్ ఆగిపోయిందని మీరు ఫోన్ చేస్తేనే ఒక గది వేయమనండి.

ప్రశ్న: వానాకాలం వస్తే ఫీడర్‌లో మేత ముద్దకడుతోంది. రెండు రోజులు ఏమీ పడదు, మూడో రోజు ముద్దగా పడుతుంది. ఏం చేయాలి? – పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఫీడర్ నోరు సరిగ్గా నీటి మీదే ఉండటం వల్ల ఇలా అవుతుంది. వెచ్చటి నీటి ఆవిరి నేరుగా డ్రమ్ములోకి ఎక్కుతుంది. నీటిని కదిలించే వేవ్‌మేకర్ దగ్గర పగిలే బుడగలు ఉప్పు తుంపరను కూడా పైకి తెస్తాయి. ఆ ఉప్పు గాలిలోని తేమను ఇంకా లాగుతుంది.

ఫీడర్‌ను ట్యాంకు అంచుకు బయటగా బిగించి, మేతను ఏటవాలు గొట్టం గుండా నీటిలోకి జారనివ్వండి. 25 మి.మీ. పీవీసీ గొట్టం చాలు. వాలు బాగా నిటారుగా ఉండాలి, లేకపోతే గుళికలు దారిలోనే అంటుకుంటాయి. గొట్టం కింది కొన నీటికి 5 సెం.మీ. పైన ఆగాలి. దాన్ని నీటిలో ముంచితే గొట్టమే ఆవిరికి దారి అవుతుంది.

మీది సముద్రపు గాలి కాబట్టి ఇది కూడా చాలకపోవచ్చు. అప్పుడు చిన్న ఎయిర్ పంపు గాలిని నారింజ రంగు సిలికా జెల్ నింపిన గొట్టంలోంచి పంపి, డ్రమ్ములోకి సన్నగా వదలండి. లోపలి గాలి ఎప్పుడూ బయటికి తోసుకొస్తుంటే ఆవిరి లోపలికి రాలేదు. వాల్వ్ బాగా తగ్గించి పెట్టాలి, గాలి ఎక్కువైతే మేత పొడి ఎగిరిపోతుంది. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ట్యాంకు దరిదాపుల్లోకి తేవద్దు. నారింజ జెల్ ఆకుపచ్చకు తిరిగితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు పెట్టి మళ్లీ వాడుకోవచ్చు. జెల్ సంచిని డ్రమ్ములోనే వేయడం మంచిది కాదు. అది నోటికి అడ్డంపడుతుంది, చిరిగితే మేతతో పాటు నీటిలో పడుతుంది.

రెండు వారాలకోసారి డ్రమ్ము కడిగి పూర్తిగా ఆరనివ్వండి. బ్యాటరీ కొనలకు సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. మిగతా మేతను గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి. ముక్కిపోయిన వాసన వస్తే పారేయాల్సిందే.

ప్రశ్న: ఈఎస్పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు, చిన్న సెర్వో మోటారుతో సొంతంగా ఫీడర్ చేశాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మేత పడిపోతోంది. ప్రోగ్రామ్‌లో తప్పేమీ కనబడటం లేదు. – పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండు కారణాలు ఉండొచ్చు. బోర్డు మేల్కొనే క్షణంలో సెర్వోకు వెళ్లే సిగ్నల్ తీగ మీద స్థిరమైన సంకేతం ఉండదు, దాంతో సెర్వో ఒక్కసారి ఉలిక్కిపడినట్టు తిరుగుతుంది. మోటారుకూ బోర్డుకూ ఒకే సప్లయ్ ఇచ్చివుంటే, మోటారు కదిలినప్పుడు వోల్టేజ్ పడిపోయి బోర్డు మళ్లీ రీసెట్ అవుతుంది. అలా రీసెట్ మీద రీసెట్ జరిగి మేత పడుతూనే ఉంటుంది.

సెర్వో తీసేసి 28బీవైజే-48 స్టెప్పర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగేది), యూఎల్‌ఎన్2003 డ్రైవర్ పెట్టండి. మోటారుకు విడిగా 5 వోల్టుల సప్లయ్ ఇచ్చి, దాని మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. రెండు సప్లయ్‌ల గ్రౌండ్ మాత్రం కలపాలి. ఈ మోటారు పూర్తి చుట్టుకు 2048 అడుగులు అని అందరూ రాస్తారు. చాలా మోటార్లలో గేరు నిష్పత్తి నిజానికి 64 కాదు, 63.68. అంటే చుట్టుకు సుమారు 2038 అడుగులే. 2048 అని నమ్మి తిప్పితే ప్రతి చుట్టుకూ దాదాపు 1.8 డిగ్రీలు ముందుకు జరిగి, యాభై చుట్లకు పావు చుట్టు తేడా వచ్చేస్తుంది. చక్రానికి చిన్న అయస్కాంతం, ఎదురుగా దాన్ని గుర్తించే హాల్ సెన్సర్ పెట్టి, ప్రతి చుట్టులో మొదటి స్థానాన్ని సరిచూసుకోండి.

టైము కోసం వైఫై మీద ఆధారపడకండి. కరెంటు వచ్చాక రౌటర్ లేవడానికి బోర్డు కన్నా ఎక్కువసేపు పడుతుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టండి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. మార్కెట్లో ఎక్కువగా దొరికే నీలం రంగు మాడ్యూల్‌లో ఛార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది. మామూలు సీఆర్2032 బ్యాటరీ ఛార్జ్ చేసేది కాదు. 5 వోల్టులు ఇస్తే అది ఉబ్బి కారొచ్చు. ఆ సర్క్యూట్‌లోని డయోడ్ తీసేయండి లేదా మాడ్యూల్‌కు 3.3 వోల్టులే ఇవ్వండి.

ప్రోగ్రామ్‌లో మూడు కట్టడులు రాయండి. చివరిగా మేత వేసిన టైమును ఫ్లాష్ మెమరీలో దాచాలి. రోజుకు ఇన్నిసార్లకు మించి ఏ పరిస్థితిలోనూ తిరగకూడదు. గడియారం చూపే సంవత్సరం తేడాగా ఉంటే అసలు తిరగకూడదు. కరెంటు లేక తప్పిపోయిన పూటను తర్వాత భర్తీ చేయించవద్దు.

ఇవన్నీ ఉన్నా ప్రోగ్రామ్ మీద పూర్తి భరోసా పెట్టకండి. డ్రమ్ముకు బదులు గదుల పళ్లెం చేయించండి. 28 గదులుంటే, ఒక్కో దాంట్లో ఒక పూట మేత తూచి పోసి, ఒక గదిని మొదటి స్థానం కోసం ఖాళీగా ఉంచండి. రోజుకు మూడు పూటలైతే తొమ్మిది రోజులకు అది సరిపోతుంది. ఒక కదలికకు ఒక గదే ఖాళీ అవుతుంది, మొత్తం మేత కూడా మీరు పోసినంతే.

ప్రశ్న: మేత వేసే టైముకు పంపులు ఆగేలా స్మార్ట్ ప్లగ్‌లు పెట్టాం. మేత అయ్యాక స్కిమ్మర్ పొంగి మురికినీళ్లు నేల మీదకు వస్తున్నాయి. – పాఠకుడు, బెంగళూరు

జవాబు: సంపు నీటిని పైకి పంపే రిటర్న్ పంపు ఆగగానే పైట్యాంకు నీరు కొంత సంపులోకి దిగుతుంది. అక్కడ మట్టం పెరిగితే స్కిమ్మర్ పొంగుతుంది. అందువల్ల వరుస ఇలా ఉండాలి: ముందు స్కిమ్మర్ ఆగాలి, ఒక నిమిషం తర్వాత రిటర్న్ పంపు ఆగాలి, అప్పుడు మేత పడాలి. పది నిమిషాలకు రిటర్న్ మళ్లీ మొదలై, ఇంకో పది నిమిషాలు ఆగి సంపు మట్టం కుదుటపడ్డాక స్కిమ్మర్ మొదలవ్వాలి. ఆవిరైన నీటిని భర్తీ చేసే ఆటో టాప్ ఆఫ్‌ను కూడా ఆ ఇరవై నిమిషాలూ ఆపండి. రిటర్న్ మొదలైన కాసేపు పంపు గది మట్టం తగ్గుతుంది. దాన్ని నిజమైన కొరత అనుకుని టాప్ ఆఫ్ మంచినీళ్లు పోసేస్తుంది, ఉప్పు శాతం పడిపోతుంది.

వేవ్‌మేకర్లను పూర్తిగా ఆపకండి, తక్కువ వేగంలో తిరగనివ్వండి. సొంతంగా రిలే బిగించేవారైతే పంపులను ‘నార్మల్లీ క్లోజ్డ్’ (రిలేకు సంకేతం లేనప్పుడు కలిసి ఉండే) వైపు కలపండి. కంట్రోలర్ చచ్చిపోయినా పంపులు నడుస్తూనే ఉంటాయి. ఎదురుగా కలిపితే, కంట్రోలర్ ఆగిన రాత్రి ఆక్సిజన్ అందక పొద్దుటికి చేపలు చచ్చిపడి ఉంటాయి.

ప్రశ్న: మా 180 గ్యాలన్ల ట్యాంకులో ఆంథియాస్ చేపల గుంపు ఉంది. రోజుకు నాలుగైదుసార్లు తినాలి, ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన, చిన్న రొయ్యల్లాంటి జీవులు) తప్ప ముట్టవు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఫ్రోజెన్ మేతను ఆటోమేటిక్‌గా వేయొచ్చా? – పాఠకురాలు, డాలస్

జవాబు: వేయొచ్చు, కానీ ఇందులో రోజువారీ శుభ్రత పని తప్పదు. చిన్న ఫ్రిజ్‌లో మేత సీసా, దానికి పెరిస్టాల్టిక్ పంపు (గొట్టాన్ని రోలర్లతో నొక్కి తోసేది), అక్కడి నుంచి ట్యాంకుకు గొట్టం అమర్చుకోవాలి. ఫ్రిజ్ కంప్రెసర్ ఉన్నదే తీసుకోండి. కంప్రెసర్ లేని పెల్టియర్ రకం గది వేడిని బట్టి చల్లబడుతుంది, వేసవిలో మేతను నిలబెట్టదు. గొట్టం కోసం పక్కగోడలకు రంధ్రం చేయకండి, వాటిలో గ్యాసు గొట్టాలు ఉండొచ్చు. తలుపుకు చేయండి.

మైసిస్‌ను కరిగించి, జల్లెడలో కడిగి, ట్యాంకు నీటిలో కలిపి సీసాలో పోయండి. 2–4 డిగ్రీల మధ్య రెండు రోజులకు మించి ఉంచకండి. మేత అడుగుకు దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ పంపు తిరగడానికి ముందు ఒక నిమిషం కలిపే మోటారు నడవాలి. మందులు పోసే సన్న గొట్టాలు మైసిస్‌కు మూసుకుపోతాయి, లోపలి వ్యాసం కనీసం 5–6 మి.మీ. ఉన్నవి వాడండి.

చాలా సెటప్‌లు విఫలమయ్యేది ఫ్రిజ్ బయట ఉన్న గొట్టం దగ్గరే. అక్కడ మిగిలిన మేత మూడు నాలుగు గంటలు గది వేడిలో కుళ్లి, తర్వాతి పూట ముందుగా అదే ట్యాంకులో పడుతుంది. దీనికి వై ఆకారపు జాయింట్ పెట్టి, రెండో పంపుతో ట్యాంకు నీళ్లు తోడి, మేత వెళ్లిన వెంటనే గొట్టమంతా కడిగించాలి. గొట్టం కొన నీటికి పైనే ఉండాలి. మునిగితే, పంపు రోలర్ అరిగిన రోజున ట్యాంకు నీరు వెనక్కి లాగబడి ఫ్రిజ్‌లోకి చేరుతుంది.

పూటలు పెరిగాయని మొత్తం మేత పెంచకండి. మీరిప్పుడు రెండుసార్లుగా వేస్తున్నదాన్నే ఐదుగా విడగొట్టండి. దీంతోపాటు ఆంథియాస్‌కు అర మి.మీ. గుళికలు నెమ్మదిగా అలవాటు చేయండి. మైసిస్ వేసేటప్పుడే నాలుగు గుళికలు కలిపి వేస్తుంటే కొన్ని వారాల్లో చాలావరకు తినడం మొదలుపెడతాయి. ప్రయాణాలప్పుడు మామూలు ఫీడర్ సరిపోవాలంటే ఇదొక్కటే దారి.

ప్రశ్న: మా రొయ్యల చెరువులో వాడే వనామీ మేతనే ఇంట్లో ఉప్పునీటి చేపలకు ఫీడర్‌లో పోయొచ్చా? – పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దు. వనామీ మేత వెంటనే మునిగి, అడుగున ఉండి రొయ్య నెమ్మదిగా కొరుక్కు తినేలా చేసింది. క్లౌన్, క్రోమిస్ లాంటివి నీటి మధ్యలో తేలుతూ దిగే మేతనే పట్టుకుంటాయి. మిగిలినది రాళ్ల సందుల్లో చేరి కుళ్లుతుంది. చెరువు పద్ధతుల్లో ఒకటి మాత్రం ఇంటికి తెచ్చుకోండి: చెక్ ట్రే. మేత పడే చోటు కింద తెల్లటి సాసర్ పెట్టి, పదిహేను నిమిషాల తర్వాత చూడండి. అందులో గుళికలు మిగిలితే ఒక తిప్పు తగ్గించండి.

ప్రశ్న: టాంగ్‌లకు నోరి నాచును కూడా యంత్రంతో పెట్టొచ్చా? – పాఠకుడు, నెల్లూరు

జవాబు: అలాంటి యంత్రాలు దొరుకుతాయి కానీ నాలుగైదు రోజుల ప్రయాణానికి అవసరం లేదు. ఉప్పూ నూనే మసాలా లేని నోరి షీటును మడతపెట్టి చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో బిగించి, బయల్దేరే రోజు ట్యాంకులో ఉంచండి. క్లిప్‌కు పెట్టినదాని కన్నా నెమ్మదిగా ఖర్చవుతుంది. ఆ తర్వాతి రోజులకు ఫీడర్‌లో స్పిరులినా గుళికలు సరిపోతాయి. తిరిగొచ్చాక రబ్బరు బ్యాండును ట్యాంకులోంచి వెతికి తీయడం మరవకండి, చేప మింగితే కడుపులో ఇరుక్కుంటుంది.