పాక చుట్టూ పచ్చని చెట్లు, గట్టు మీద గన్నేరు కంచె

ప్రశ్న: పశువుల పాక చుట్టూ, కళ్లం పక్కన ఏడాది పొడవునా ఆకు నిలిచి నీడనిచ్చే నాటు చెట్లు పెంచాలనుకుంటున్నాను. గట్టు వెంబడి గన్నేరు, పచ్చగన్నేరు కంచెగా ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా మేకలు వాటి జోలికి పోలేదు. ఈ మధ్య కొమ్మలు కత్తిరించి గట్టు మీదే వదిలేస్తే, మూడు రోజుల తర్వాత ఆ ఎండుటాకు తిని ఒక మేక చనిపోయింది. ఏ చెట్లు నాటాలి? విషపు మొక్కలను ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: మీ మేకలు ఇన్నేళ్లూ ఆ కంచెను ముట్టకపోవడానికి కారణం పచ్చి ఆకులోని చేదు. కోసిన కొమ్మ వాడిపోయిన కొద్దీ ఆ చేదు పశువుకు అంతగా తెలియదు, విషం మాత్రం పోదు. అందువల్ల నిలబడి ఉన్న గన్నేరు కంటే నరికి పడేసిన గన్నేరే ఎక్కువ ప్రమాదకరం. గన్నేరులోని ఒలియాండ్రిన్, పచ్చగన్నేరులోని థెవెటిన్ రెండూ గుండె లయను దెబ్బతీసే పదార్థాలే. పది ఇరవై ఆకులు పెద్ద పశువు ప్రాణం తీయడానికి చాలు. చాలాసార్లు జబ్బు లక్షణాలు కనిపించేలోపే పశువు చనిపోయి ఉంటుంది. కాబట్టి మిగిలిన కొమ్మలను, రాలిన ఆకులతో సహా, ఈరోజే ఏరి పశువులు తవ్వలేనంత లోతు గోతిలో పూడ్చండి. వాటి పొగ కూడా హానికరమే కనుక తగలబెట్టవద్దు, ఆకులు రాలిన తొట్టి నీటిని పారబోయండి.

గుర్తుపట్టడం గురించి ముందుగా ఒక అపోహ తొలగించాలి. గిల్లితే పాలు కారే మొక్కలన్నీ విషమని, పిట్టలు తినే కాయలన్నీ మంచివని చాలామంది నమ్ముతారు. ఈ రెండు గుర్తులూ నమ్మదగినవి కావు. మర్రి, రావి ఆకులు తుంచితే పాలు కారతాయి, అయినా వాటి ఆకును మేకలకు మేతగా వేస్తూనే ఉన్నాం. వాక్కాయ చెట్టు గన్నేరు కుటుంబానికే చెందినది, దానికీ పాలు ఉంటాయి, అయినా పండిన కాయ మనం తింటాం. గన్నేరు కొమ్మ విరిస్తే అంత స్పష్టంగా పాలు కనిపించవు గాని, అది నిలువెల్లా విషమే. తలంబ్రాల చెట్టు పండ్లను పిట్టలు తిని గింజలను ఊరంతా చల్లుతాయి, అదే చెట్టు ఆకు తిన్న పశువుకు కాలేయం పాడవుతుంది. కనుక ఒక్కో మొక్కను దాని రూపంతోనే నేర్చుకోవాలి, దగ్గరి దారి లేదు.

గన్నేరు ఆకులు ఒక్కో కణుపు దగ్గర మూడేసి చొప్పున చుట్టూ వస్తాయి. మందంగా, తోలులా ఉండి, నడి ఈనె నుంచి రెండు వైపులకూ సన్నని ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా సాగుతాయి. పచ్చగన్నేరు ఆకు ఇంకా సన్నగా, కొమ్మ చుట్టూ మెలిక వరుసలో వస్తుంది, తుంచగానే తెల్లటి పాలు కారతాయి, పసుపు పచ్చని గరాటు పువ్వుల తర్వాత పలకలు తేలిన ఆకుపచ్చ కాయలు కాసి నల్లబడతాయి. పిల్లలు ఆడుకునేది ఆ కాయలతోనే, విషం ఎక్కువగా ఉండేదీ ఆ గింజలోనే. తలంబ్రాల చెట్టు కాండం నాలుగు పలకలుగా ఉండి చిన్న ముళ్లు తగులుతాయి, గరుకైన ఆకును నలిపితే ఘాటైన వాసన వస్తుంది, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు ఉంటాయి. దీన్ని తిన్న పశువు మేత మానేస్తుంది, కళ్లు పచ్చబడతాయి, ఎండ తగిలిన చోట, ముఖ్యంగా తెల్లటి చర్మం ఉన్న చోట, తోలు ఊడుతుంది. అగ్నిశిఖ తీగను దాని ఆకు చివరే పట్టిస్తుంది: కొస సన్నగా మెలితిరిగి పక్క కొమ్మను పట్టుకుంటుంది, దాని దుంపలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది. ముళ్ల కాయల ఉమ్మెత్త, నల్లచుక్క ఎర్రగింజ గురివింద మీకు తెలిసినవే. గురివింద గింజ నలిగినప్పుడే ఎక్కువ ప్రమాదం. ఆముదం నూనె తీశాక మిగిలిన పిండిలో రిసిన్ అనే విషం నిలిచే ఉంటుంది, దాన్ని పొలానికి ఎరువుగా వేయవచ్చు గాని పశువులకు అందకూడదు.

ఇక చెట్ల విషయం. సతత హరితం అంటే ఆకు రాలదని కాదు, పాత ఆకు కొద్ది కొద్దిగా రాలుతుండగా కొత్త ఆకు వస్తూ ఉంటుంది కనుక చెట్టు బోడిగా కనిపించదు. ఆ లెక్కన వేప, కానుగ మంచి చెట్లే అయినా మెట్ట ప్రాంతాల్లో ఎండాకాలం మొదట్లో కొద్ది రోజులు ఆకు దులుపుతాయి. మీకు ఏడాదంతా నీడే కావాలంటే నేను మొదట చెప్పేది పొగడ, ఆ తర్వాత నేరేడు. పొగడ నెమ్మదిగా ఎదుగుతుంది, ఓపిక ఉండాలి, కానీ దట్టమైన గొడుగులా నిలిచి గాలికి తేలికగా విరగదు. నేరేడును పాక గోడకు ఆనించి వద్దు, పండు రాలే కాలంలో ఈగలు ముసురుతాయి. కళ్లం పక్కన నాటండి. సముద్రపు గాలి తగిలే ఇసుక నేల అయితే పొన్న బాగుంటుంది. అశోకం అడిగితే నర్సరీలో చాలాసార్లు నరమామిడి ఇస్తారు. నిటారుగా కొవ్వొత్తిలా పెరిగే రకమైతే మీకు నీడ దక్కదు.

నేరేడు గింజ ఆరిపోతే మొలవదు. పండు తిన్న వెంటనే గుజ్జు కడిగి, వారం పది రోజుల్లోపు సంచుల్లో విత్తండి. ఒక్కో గింజ నుంచి రెండు మూడు మొలకలు రావచ్చు, బలమైనదాన్ని ఉంచి మిగిలినవి తీసేయండి. వేప గింజ కూడా ఎక్కువ కాలం నిల్వ ఉండదు. నర్సరీ మొక్క కొంటే సంచి అడుగు చూడండి, వేరు గుండ్రంగా చుట్టుకున్న మొక్క ఎంత ఎత్తున్నా తీసుకోవద్దు.

తొలకరికి ముందే 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి ఎండనిచ్చి, పై మన్నులో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. నేరేడుకు 8 నుంచి 10 మీటర్లు, పొగడకు 6 మీటర్లు దూరం ఇవ్వండి, గోడకు కనీసం 4 మీటర్లు వదలండి. మొదటి రెండు వేసవులు మొక్క మొదట్లో కాక, చుట్టూ తీసిన పాదులో వారానికోసారి నిండుగా నీరు పెట్టి, పైన ఎండుగడ్డి కప్పండి. మేకలున్న ఇంట్లో ముళ్లకంప కట్టకుండా మొక్క నాటడం వృథా.

గట్టు మీద గన్నేరు స్థానంలో వాక్కాయ చెట్లు నాటండి: ఏడాదంతా ఆకు ఉంటుంది, ముళ్లు గట్టివి, కాయలు అదనం. మధ్య మధ్య వావిలి పెట్టుకోవచ్చు, దాన్ని మేకలు అంతగా ఇష్టపడవు. గన్నేరు తీసేటప్పుడు పశువులను అటు రానివ్వకుండా వేళ్లతో సహా పెకలించండి. పచ్చగన్నేరు పాలు కళ్లలో పడకుండా చూసుకుని, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

మళ్లీ ఏ పశువైనా తిన్నట్లు అనుమానం వస్తే నడిపించకుండా, పరిగెత్తించకుండా నీడలో నిలపండి, గొంతులో నూనె గాని కషాయం గాని పోయవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పశువైద్యుణ్ణి పిలిచి, తిన్న మొక్క కొమ్మను ఆయనకు చూపించండి. ఏ విషమో తెలిస్తేనే ఏ మందు ఇవ్వాలో ఆయన తేల్చగలరు.