డిసెంబరులో క్యారల్స్‌కీ పిండివంటలకీ మధ్య రాత్రి వంట: నలుగురికి అరగంటలో అయ్యేవి

మీరు అడిగింది ఇదీ: డిసెంబరు వచ్చిందంటే ఒక రోజు క్యారల్స్ ప్రాక్టీసు, ఒక రోజు సెమీ క్రిస్మస్, ఇంకో రోజు టైలర్ చుట్టూ తిరగడం, మధ్యలో పిండివంటలు. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు. రోజూ బయట నుంచి తెప్పించకుండా రాత్రి భోజనం ఎలా గడపాలి అని.

అసలు రాత్రి వంటలో పొయ్యి మీద పట్టే టైం తక్కువే. టైం తినేసేవి వేరే: ఉల్లిపాయలు ఒలిచి తరగడం, అవి వేగేదాకా గరిటె పట్టుకుని నిలబడడం, చింతపండు పిసకడం, పప్పు ఉడకలేదని కుక్కర్ రెండోసారి పెట్టడం. కొత్త వంటలు వెతుక్కోవడం కన్నా వీటిలో మొదటి మూడు పనులూ ఆదివారం గుడి నుంచి వచ్చాక తీరిగ్గా చేసి పెట్టుకోండి, పప్పు సంగతి కింద చెప్తాను. ఉన్న వంటలే అరగంటలో అయిపోతాయి.

ముందు ఉల్లిముద్ద. కిలోన్నర ఉల్లిపాయలు, కిలో టమాటాలు, వంద గ్రాముల అల్లంవెల్లుల్లి ముద్ద, ముప్పావు గ్లాసు నూనె (గ్లాసంటే నేను చెప్పేది 200 మి.లీ.ది). వెడల్పాటి మూకుడు తీసుకోండి. ఇరుకు గిన్నెలో ఉల్లిపాయలు వాటి నీళ్లలో అవే ఉడుకుతూ కూర్చుంటాయి, రంగు రాదు. నూనె కాగాక సన్నగా తరిగిన ఉల్లిపాయలు, చెంచాడు ఉప్పు వేసి మధ్యస్థం మంట మీద 25 నుంచి 30 నిమిషాలు వేయించాలి. ముదురు బంగారు రంగు వచ్చి బాగా మెత్తబడ్డాకే అల్లంవెల్లుల్లి, అది రెండు నిమిషాలు వేగాక టమాటా. తొందరపడి టమాటా ముందే వేస్తే ఆ పులుపుకి ఉల్లిపాయ బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా ముక్క ముక్కగానే తగులుతుంది. నూనె పక్కలకు తేలేదాకా ఇంకో పావుగంట మగ్గనిచ్చి దింపేయండి.

చాలామంది టైం కలిసొస్తుందని పచ్చి ఉల్లిపాయల్నే మిక్సీలో వేసి ఆ ముద్ద వేయిస్తారు. అక్కడే దెబ్బతింటారు. పచ్చిగా రుబ్బిన ఉల్లి చేదెక్కుతుంది, పచ్చివాసన పోవడానికి అంతకు రెట్టింపు టైం పడుతుంది, చిమ్మి చిమ్మి స్టవ్ అంతా పాడవుతుంది. మెత్తగా కావాలంటే వేగాక, చల్లారాక తిప్పుకోండి. ఇందులో కారం, ధనియాల పొడి, గరం మసాలా ఏవీ వేయకండి. అవి వేసేస్తే వారమంతా ఒకే కూర తిన్నట్టుంటుంది. పై కొలతకి దాదాపు కిలోకి కాస్త ఎక్కువ ముద్ద వస్తుంది. టీకప్పు చొప్పున ఐదు డబ్బాల్లో సర్దితే ఐదు రాత్రులకి ఐదు. మూడు ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో. ఫ్రిజ్‌లోవి నాలుగు రోజుల్లో వాడేయాలి.

రెండోది చింతపండు గుజ్జు. వంద గ్రాముల చింతపండు గ్లాసున్నర వేడినీళ్లలో అరగంట నానబెట్టి, చిక్కగా పిసికి, వడకట్టి గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా తగలకుంటే వారానికి ఢోకా లేదు.

ఇవి రెండూ ఉంటే కోడిగుడ్డు పులుసు 25 నిమిషాల పని. ఒక పొయ్యి మీద అన్నం పడేయండి. రెండోదాని మీద ఎనిమిది గుడ్లు చన్నీళ్లలో వేసి పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మరిగే నీళ్లలో వేస్తే పగులుతాయి. మరుగు మొదలయ్యాక పది నిమిషాలు, తర్వాత చన్నీళ్లలోకి. అవి ఉడికేలోపు మూకుట్లో రెండు చెంచాల నూనె, ఆవాలు, మెంతులు పది గింజలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి ఒక డబ్బా ఉల్లిముద్ద వేసేయండి. చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి, పావు చెంచా పసుపు వేసి అర నిమిషం తిప్పి, మూడు చెంచాల చింతపండు గుజ్జు, గ్లాసున్నర నీళ్లు పోయాలి. ముద్దలో టమాటా ఉంది కాబట్టి చింతపండు మీరు మామూలుగా వేసేదాంట్లో సగమే. పులుసు పెట్టాక కనీసం ఏడెనిమిది నిమిషాలు తెర్లాలి, లేకపోతే చింతపండు పచ్చివాసన తిన్న ప్రతి ముద్దలో తెలుస్తుంది. గుడ్లు ఒలిచి, చాకుతో నాలుగు గాట్లు పెట్టి పులుసులో వదలండి. గాట్లు లేకుండా నూనెలో వేయిస్తే లోపలి ఆవిరికి టప్పున పేలతాయి, పిల్లలు పక్కన ఉంటే ప్రమాదం కూడా. చివర్లో బఠాణీగింజంత బెల్లం.

చికెన్ కూడా వారం మధ్యలో పెట్టుకోవచ్చు, కాకపోతే ఫారం కోడే. నాటుకోడి, మటన్ ఆదివారానికి వదిలేయండి. ముప్పావుకిలో చికెన్ చిన్న ముక్కలు కొట్టించి, పొద్దున్న ఆఫీసుకి వెళ్లే ముందు మూడు పెద్ద చెంచాల పెరుగు, చెంచా ఉప్పు, రెండు చెంచాల కారం, పసుపు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో ఉన్నదైతే ముందు రాత్రే కింద అరలోకి మార్చాలి. పొద్దున్న గట్టు మీద పెట్టి సాయంత్రానికి కరుగుతుందిలే అనుకోవద్దు, పైన కరిగిన మాంసం లోపల కరిగేలోపే చెడడం మొదలవుతుంది. సాయంత్రం మూకుడులో నూనె, రెండు లవంగాలు, చెక్క, ఆపైన చికెన్. పెద్ద మంట మీద ఐదు నిమిషాలు కదుపుతూ ఉండి, ఒక డబ్బా ముద్ద వేసి, మూతపెట్టి మధ్యస్థం మంట మీద 15 నుంచి 18 నిమిషాలు. నీళ్లు పోయొద్దు, చికెన్ నీరే సరిపోతుంది. గ్రేవీ కావాలంటే చివర్లో అరగ్లాసు వేడినీళ్లు. కుక్కర్‌లో మాత్రం పెట్టకండి. మూడు విజిల్స్‌కి ఫారం కోడి ఎముక విడిచేస్తుంది, కూర పల్చనైపోతుంది, ఆ నీరు ఇగరబెట్టేసరికి మిగిలిన టైం కాస్తా పోతుంది.

పప్పన్నం ఒకే కుక్కర్‌లో అయ్యేది. ఐదు లీటర్ల కుక్కర్‌లో అడుగున రెండు గ్లాసుల నీళ్లు, కింది గిన్నెలో ముప్పావు గ్లాసు కందిపప్పు, రెండు గ్లాసుల నీళ్లు, పసుపు, చుక్క నూనె, పై గిన్నెలో బియ్యం. నాలుగు విజిల్స్ వచ్చాక సన్న మంట మీద ఐదు నిమిషాలు. ఇంటికి రాగానే చెప్పులు విప్పి చేసే మొదటి పని పప్పు కడిగి నానబెట్టడమైతే, మీరు మొహం కడుక్కుని వచ్చేసరికి 20 నిమిషాలు నానుతుంది, అంతే చాలు. పాలకూర తరిగి పప్పు మీదే వేయొచ్చు. గోంగూర, చింతపండు లాంటి పుల్లటివి మాత్రం పప్పులో వేసి ఉడికించొద్దు, పులుపు తగిలిన పప్పు గింజ గింజగా ఉండిపోతుంది. గోంగూర పక్కన చిన్న గిన్నెలో మగ్గబెట్టి, పప్పు మెదిపాక కలపండి. అన్నీ సరిగ్గా చేసినా పప్పు మెత్తబడట్లేదంటే అనుమానించాల్సింది బోరు నీళ్లని. ఉప్పునీళ్లలో పప్పు ఉడకదు. తాగే నీళ్లు పోసి చూడండి, తేడా ఆ పూటే తెలుస్తుంది.

అన్నం గురించి ఒక మాట. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా పంట కోతలయ్యి కొత్త బియ్యం ఇళ్లకు వచ్చేది సరిగ్గా ఈ నెలల్లోనే. ఊరి నుంచి బస్తా వస్తే సంతోషమే, కానీ పాత బియ్యానికి పోసినట్టు గ్లాసుకి రెండు గ్లాసులు పోస్తే ముద్దయిపోతుంది. గ్లాసున్నరతో మొదలుపెట్టి చూసుకోండి. పులిహోరకి కొత్త బియ్యం వాడనే వాడొద్దు.

చలికాలం ఇడ్లీ పిండి మీద ఆధారపడడం కూడా ఇబ్బందే. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రి రుబ్బి పెట్టింది పొద్దుటికి పొంగదు, 12 నుంచి 14 గంటలు పట్టొచ్చు. డాలస్‌లోనో, లండన్‌లోనో ఉన్నవాళ్లు ఓవెన్‌లో లైట్ మాత్రం వేసి గిన్నె లోపల పెడతారు. పులియాల్సిన పనే లేనిది పెసరట్టు. ఒకటిన్నర గ్లాసు పెసలు, రెండు పెద్ద చెంచాల బియ్యం పొద్దున్న నానబెట్టి వెళ్తే సాయంత్రం రుబ్బుకోవచ్చు. బియ్యం మానేస్తే అట్టు మెత్తగా సాగుతుంది, కరకరలాడదు. నాలుగు పచ్చిమిర్చి, అంగుళం అల్లం, జీలకర్ర, ఉప్పు వేసి గరిటె జారుగా రుబ్బాలి. పదీ పన్నెండు అట్లు వస్తాయి. పెనం మరీ పొగలు కక్కుతుంటే పిండి గరిటెకే అంటుకుని ఉండలు కడుతుంది, నాలుగు చుక్కల నీళ్లు చల్లి తుడిచి అప్పుడు వేయండి.

ఇక అందరికీ కష్టమైన రాత్రి, అరిసెలు వండిన రాత్రి. పగలంతా పాకం దగ్గర నిలబడ్డాక మళ్లీ వంట అంటే ఎవరికీ చేతకాదు. ఆ పూట ఎప్పుడూ ఎంతో కొంత తడి పిండి మిగులుతుంది. దాన్ని రేపటికి దాస్తే పులిసి వాసనొస్తుంది, కాబట్టి ఆ రాత్రే సర్వపిండి చేసేయండి. తెలంగాణ వంట, మామూలుగా పొడి పిండితో చేస్తారు, తడి పిండితో కూడా చక్కగా వస్తుంది. రెండు గ్లాసుల పిండికి, గంటసేపు నానిన పచ్చిశనగపప్పు మూడు పెద్ద చెంచాలు, వేయించి పలుకులుగా దంచిన పల్లీలు అన్నే, నువ్వులు రెండు. వెల్లుల్లి ఆరేడు రెబ్బలు, చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి వేయాలి. సన్నగా తరిగిన ఉల్లికాడలు, కరివేపాకు, చెంచాన్నర కారం, ఉప్పు. పిండిలో ఇప్పటికే తడి ఉంటుంది, ఉల్లికాడలూ నీరు వదులుతాయి. అందుకని నీళ్లు చెంచాల లెక్కన చల్లుకుంటూ చపాతీ పిండి కన్నా కాస్త మెత్తగా కలపండి. ఒకేసారి గ్లాసు పోసేస్తే జారైపోతుంది, ఇంట్లో ఇంకా పొడి పిండి ఉంటే తప్ప సరిచేయలేరు.

చల్లటి మందపాటి మూకుడులో రెండు చెంచాల నూనె రాసి, నారింజకాయంత ముద్ద పెట్టి, తడి చేత్తో అంచుల దాకా పల్చగా అద్దండి. వేలితో ఐదారు చిల్లులు పొడిచి ఒక్కో దాంట్లో రెండు చుక్కల నూనె. మూతపెట్టి సన్నపు మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. తిరగేయక్కర్లేదు, అడుగు ఎర్రగా కాలి అంచులు వాటంతట అవే లేస్తాయి. మధ్యలో దళసరిగా వదిలేస్తే అక్కడ పచ్చిగా ఉంటుంది, అందరూ చేసే పొరపాటు ఇదే. రెండో వాయికి మూకుడు వేడిగా ఉంటే చేతులు కాలతాయి. తిరగేసి అడుగున నీళ్లు పోసి చల్లార్చుకోవాలి, లేదా రెండు మూకుళ్లు మార్చి మార్చి వాడుకోవాలి. పక్కన పెరుగు చాలు, కూర అవసరం లేదు.

అన్నట్టు, అరిసెలు వేయించిన నూనె కూరల్లో వాడకండి. అడుగున నువ్వులు, బెల్లం మాడి ఉంటాయి. చక్రాలు వేయించింది వడకట్టి పోపులకు వారంలో వాడేయొచ్చు, మళ్లీ మళ్లీ డీప్ ఫ్రై చేయడానికి మాత్రం వద్దు.

క్యారల్స్‌కి ఆరింటికి వెళ్లి పదిన్నరకి వచ్చే రోజుల్లో, వండిన అన్నం గిన్నెలో గట్టు మీద వదిలి వెళ్లొద్దు. వేడివేడిగా హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత బిగించండి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు. అలాంటి రోజుకి పులిహోర నయం, పిల్లలు వ్యాన్‌లోనే తినేస్తారు. చద్దన్నం లాంటిదే కావాలంటే పెరుగన్నం: రెండు గ్లాసుల మెత్తటి అన్నంలో గ్లాసున్నర కాచి చల్లార్చిన పాలు, మూడు చెంచాల పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తే వచ్చేసరికి చిక్కబడుతుంది, పులవదు. అంతా పెరుగే పోస్తే మాత్రం పిల్లలు ముట్టరు.

24 రాత్రి ఎలాగూ వంటగదంతా మర్నాటి బిర్యానీదే. ఆ పూటకి ఉప్మా: గ్లాసు వేయించిన బొంబాయి రవ్వ, రెండున్నర గ్లాసుల మరిగే నీళ్లు, మంట తగ్గించి ఒక చేత్తో రవ్వ పోస్తూ ఇంకో చేత్తో కలపడం. నీళ్లు తెర్లకముందు రవ్వ పోస్తేనే ఉండలు కడతాయి.

క్యారల్స్ వాళ్లు మీ ఇంటికే వచ్చే రాత్రి పాతికమందికి టీ పెట్టాల్సి వస్తే, చిన్న పేపర్ కప్పుల లెక్కన రెండు లీటర్ల పాలు, ముప్పావు లీటరు నీళ్లు, 50 గ్రాముల టీపొడి, పావుకిలో చక్కెర. దంచిన అల్లం నీళ్లలో వేసి ఐదు నిమిషాలు బాగా మరిగాకే పాలు పోయండి. పచ్చి అల్లం నేరుగా పాలలో వేస్తే, గుమ్మంలో పాట అయ్యేలోపు గిన్నెలో పాలు విరిగిపోతాయి.