ఆటలో ఇరుక్కున్నవాళ్లకి కావలసింది ఒక్క పేరాగ్రాఫే

ప్రశ్న: గేమ్స్ గురించి ఏం కావాలన్నా వీడియోల్లో దొరుకుతోంది కదా, ఇంకా బ్లాగులూ రాసిన గైడ్‌లూ చదవడం వల్ల లాభమేమైనా ఉందా?

ఉంది, చాలా ఉంది. కొంచెం గట్టిగానే చెప్తాను. ఒక్క విషయం తెలిస్తే చాలు ముందుకి కదిలిపోతాం అనుకునే మనిషి చేతిలో ఇరవై నిమిషాల వీడియో పెట్టడమంటే, దాహం వేసినవాళ్లకి చెరువుకి దారి చెప్పి పంపడమే. నీళ్లు అక్కడున్న మాట నిజమే, కానీ అడిగింది గ్లాసెడు. ఎవరైనా బాగా ఆడుతుంటే చూసి ఆనందించడానికీ, ట్రైలర్లకీ వీడియోని మించింది లేదు. గైడ్, రివ్యూ, సెట్టింగుల సలహా, ఈ మూడింటికీ మాత్రం రాతే సరైనది.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం. 1998లో నింటెండో 64 అనే గేమ్ మెషీన్ మీద వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్'లో వాటర్ టెంపుల్ అనే చోటు ఉంది. ఆ ఆటలో జనం ఎక్కువగా ఇరుక్కున్నది అక్కడే. లోపల నీరు మూడు మట్టాల్లో ఉంటుంది. ట్రైఫోర్స్ (మూడు త్రికోణాల) గుర్తున్న పలకల ముందు నిలబడి, ఒకరీనా అనే ఊదే వాద్యం మీద జెల్డా జోలపాట వాయిస్తే మట్టం మారుతుంది, ఒక్కో పలక ఒక్కో మట్టానికి. దారి పొడుగునా తాళం వేసిన తలుపులు, వాటికోసం చిన్న తాళంచెవులు వెతుక్కోవాలి. నడిమధ్యన నిలువుగా ఒక గోపురం. నీటిని మధ్య మట్టానికి తెచ్చే పలక ఆ గోపురం లోపలే, పై అంతస్తులో ఉంటుంది. పైకెక్కి పాట వాయిస్తాం, నీరు పైకొస్తుంది, అక్కడే తలుపు ఉంటుంది కాబట్టి బయటికి వెళ్లిపోతాం. తప్పు జరిగేది అక్కడే. నీరు పెరిగినప్పుడు గోపురం అడుగునున్న పెద్ద దిమ్మె ఒకటి తేలి పైకొస్తుంది. అంతవరకూ దాని కింద మూసుకుని ఉన్న గుంత అప్పుడు తెరుచుకుంటుంది. నీటి అడుక్కి దించే బరువైన ఐరన్ బూట్లు వేసుకుని అందులోకి దిగితే కిందో గది, అందులో పెట్టె, పెట్టెలో తాళంచెవి. కిందికి చూడకుండా వెళ్లిపోయినవాళ్లకి ఆ గుంత సంగతే తెలియదు. అక్కణ్నుంచి ఒక తాళంచెవి తక్కువై, మట్టాలు మారుస్తూ, చూసిన గదినే మూడోసారి చూస్తూ గంటలు పోతాయి. నింటెండో 64లో బూట్లు వేసుకున్నా విప్పినా ప్రతిసారీ స్టార్ట్ నొక్కి, ఎక్విప్‌మెంట్ పేజీకి వెళ్లి, ఎంచుకుని, మళ్లీ వెనక్కి రావాలి. అందుకే ఆ గంటలు అంత చిరాకు పెట్టేవి. 2011లో ఆ ఆటని చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్‌కి తెచ్చినప్పుడు బూట్లను ఐటమ్ బటన్ మీదికి మార్చారు, పలకలుండే చోట్లకి దారి తెలిసేలా గోడల మీద రంగు గీతలు కూడా వేశారు.

ఇప్పుడు ఆ ఇరుక్కున్నవాళ్లకి కావలసిన జవాబు ఎంతుంటుంది? "గోపురంలో నీటిని మధ్య మట్టానికి పెంచాక బయటికి వెళ్లొద్దు. తేలిన దిమ్మె కింద గుంత ఉంది, ఐరన్ బూట్లతో దిగు." అంతే. పది సెకన్లలో చదివేయొచ్చు.

ఇదే జవాబు వీడియోలో వెతకాలంటే ముందొక చిక్కు ఉంది. తాము వదిలేసింది ఏమిటో వాళ్లకి తెలియదు, ఒక తాళంచెవి తగ్గిందని మాత్రమే తెలుసు. రాసిన గైడ్‌లో తాళంచెవులకి వరసగా నంబర్లు ఉంటాయి. 'తాళంచెవి' అన్న మాట కొట్టి వెతికితే మొదటిది, రెండోది, మూడోది అని ఒక్కొక్కటే ముందుకొస్తాయి. ఇది తీసుకున్నాను, ఇదీ తీసుకున్నాను, ఇది మాత్రం తీసుకోలేదు అని నిమిషంలో తేలిపోతుంది. వీడియోలో కింది గీత పట్టుకుని అటూ ఇటూ లాగాలి. పైన కనిపించే చిన్న బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి: రాతి గోడ, నీలం నీరు. ఏది ఏ గదో ఆనవాలు పట్టలేం. పైగా వీడియో చేసినవాళ్లు గదులు వేరే వరసలో తిరిగి ఉంటారు. వాళ్ల నీటి మట్టం వేరు, మన మట్టం వేరు, వాళ్లకి తెరుచుకున్న దారి మనకి మూసి ఉంటుంది. వీడియో ఒక మనిషి నడిచిన ఒక్క దారి. రాసేవాళ్లు మాత్రం "దీనికి ముందు ఇది పూర్తయి ఉండాలి" అని విడగొట్టి చెప్పగలరు. వేగం రెట్టింపు చేసి చూడొచ్చు కదా అంటారు. వెతుకులాట అలాగే ఉంటుంది, కాకపోతే అడ్డదిడ్డంగా ఇంకా వేగంగా వెతుకుతాం.

1995లో మొదలైన గేమ్‌ఫాక్స్ అనే సైట్‌లోని పాత గైడ్‌లు చూసినవాళ్లకి ఇదంతా కొత్త కాదు. ఉత్త అక్షరాలు, బొమ్మలు లేవు. వరసకి 80 అక్షరాలు దాటకుండా రాసేవారు, ఎందుకంటే గీతలూ చుక్కలూ పేర్చి గీసిన మ్యాపులు అంతకుమించితే చెదిరిపోతాయి. మొదట్లో విషయసూచిక, ఒక్కో విభాగానికి ఆటలో ఎక్కడా రాని ఒక చిన్న కోడ్. ఆ కోడ్‌ని కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతికితే సూటిగా ఆ విభాగంలో పడతాం. ఏ తేదీన ఏ వెర్షన్‌లో ఏం సరిదిద్దారో కూడా అందులోనే రాసేవారు. పెద్ద ఆర్‌పీజీ (పాత్రని పెంచుకుంటూ సాగే ఆట) మొత్తానికి రాసిన గైడ్ కొన్ని వందల కిలోబైట్లలో సరిపోయేది. సెకనుకి 2.5 మెగాబిట్ల చొప్పున నడిచే వీడియో రెండు మూడు సెకన్లలో అంత డేటా తినేస్తుంది.

ముందే తెలియాల్సిన హెచ్చరికల సంగతి ఇంకా ముఖ్యం. 2006లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 12లో జోడియాక్ స్పియర్ అనే గొప్ప ఆయుధం ఉంది. నెక్రోహోల్ ఆఫ్ నబూడిస్‌లో ఒక పెట్టెలో అది దొరకాలంటే, అంతకుముందు వేర్వేరు చోట్ల ఉన్న నాలుగు మామూలు పెట్టెలు తెరవకూడదు. ఆ నాలుగు పెట్టెల మీద ఏ గుర్తూ ఉండదు, ఆటలో ఎవరూ చెప్పరు. అందులో ఒకటి ఆట మొదట్లోనే, లోటౌన్‌లో ఓల్డ్ డాలన్ ఇంటి బయట ఎదురవుతుంది. రాసిన గైడ్‌లో ఇది మొదటి పేజీలోనే, కథ ఏమీ బయటపెట్టకుండా నాలుగు వరసల్లో ఉంటుంది. వీడియో సిరీస్‌లో అయితే ఆ ఆయుధం దగ్గరికి చేరే భాగంలో గుర్తొచ్చి చెప్తారు. అప్పటికి మనం ఆ పెట్టె తెరిచి ముప్ఫై గంటలైపోతుంది. (2017లో వచ్చిన 'ది జోడియాక్ ఏజ్'లో ఈ షరతు తీసేశారు. గైడ్ ఏ వెర్షన్‌దో చూసుకోవాలని చెప్పడానికి ఇదే పెద్ద సాక్ష్యం.)

వీడియోలు ఇంత సాగడానికి కారణం చేసేవాళ్ల బద్ధకం కాదు. యూట్యూబ్‌లో వీడియో మధ్యలో ప్రకటనలు పెట్టుకోవాలంటే ఒకప్పుడు పది నిమిషాలు ఉండాలి, 2020 జులై నుంచి ఎనిమిది నిమిషాలు ఉంటే చాలు. నలభై సెకన్ల జవాబుకి ఎనిమిది నిమిషాల పైచిలుకు నిడివి అక్కణ్నుంచి వస్తుంది. ఆ అంకె దాటడం కోసం పలకరింపు, ఆట నేపథ్యం, "చివరిదాకా చూడండి" అన్నీ చేరతాయి. 2021 నవంబరు నుంచి డిస్‌లైక్‌ల లెక్క కూడా బయటికి కనపడటం లేదు. తప్పు గైడ్‌ని పూర్తిగా చూడకముందే పసిగట్టడానికి అదొక్కటే పనికొచ్చేది, అదీ పోయింది.

ఇక ప్యాచ్‌లు, అంటే ఆట వచ్చాక దాన్ని తయారుచేసినవాళ్లు పంపే మార్పులు. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. మార్చి 17న, అంటే సరిగ్గా ఇరవై రోజులకి, 1.03 అప్‌డేట్ వచ్చింది. హోర్‌ఫ్రాస్ట్ స్టాంప్ అనే మంచు దాడి దెబ్బ తగ్గింది, వేయడానికి పట్టే సమయం పెరిగింది. మన పాత్రకి నకలుగా వచ్చి తోడు పోరాడే మిమిక్ టియర్ దెబ్బా తగ్గింది, తీరూ మారింది. ఎన్‌పీసీలు (ఆటే నడిపే పాత్రలు) ఎక్కడున్నారో మ్యాప్ మీద గుర్తులు పడటం మొదలైంది. నెఫెలీ లూ, కెన్నెత్ హైట్ లాంటివాళ్ల కథలకి అంతకుముందు లేని దశలు చేరాయి. ఆ ఇరవై రోజుల్లో "దీన్ని మించిన బిల్డ్ (ఆయుధాలూ నైపుణ్యాల కూర్పు) లేదు" అంటూ వచ్చిన వీడియోలు ఆ రోజుతో పాతబడ్డాయి, అయినా వెతికితే పైన అవే వచ్చేవి. రాసినవాళ్లు పేజీ తెరిచి రెండు వాక్యాలు మార్చేస్తే సరిపోతుంది, చిరునామా అదే ఉంటుంది. యూట్యూబ్‌లో పెట్టిన ఫైలు స్థానంలో కొత్త ఫైలు పెట్టడం కుదరదు. కత్తిరించడం, మసక చేయడం లాంటివి మాత్రమే చేయొచ్చు. దిద్దుబాటు కింద వివరణలోనో కామెంట్‌లోనో రాయాలి, అక్కడా చివరికి రాతే దిక్కయింది. ఒకప్పుడు వీడియో మీదే చిన్న పెట్టెల్లో దిద్దుబాట్లు రాసే అనొటేషన్లు ఉండేవి. 2019 జనవరి 15 నుంచి అవి ఏ వీడియోలోనూ కనపడకుండా పోయాయి. వాటిలో రాసిన సవరణలు కూడా వాటితోనే పోయాయి, తప్పులు మాత్రం వీడియోల్లో మిగిలాయి. సైబర్‌పంక్ 2077కి 2023 సెప్టెంబరు 21న వచ్చిన 2.0 అప్‌డేట్ పెర్క్‌లన్నీ (పాయింట్లు పెట్టి పాత్రకి నేర్పే నైపుణ్యాలు) తిరగరాసి, రక్షణ విలువని బట్టల నుంచి సైబర్‌వేర్‌కి, అంటే పాత్ర ఒంట్లో అమర్చుకునే యంత్రభాగాలకి, మార్చింది. అంతకుముందు మూడేళ్లలో చేసిన బిల్డ్ వీడియోలు ఇప్పుడు నమ్మితే పెర్క్ పాయింట్లు ఎక్కడ పెట్టాలో కూడా అర్థం కాదు.

పీసీ సెట్టింగులకి వీడియో చూడటం అన్నిటికంటే ప్రమాదం. 2011 నాటి స్కైరిమ్ అనే ఆటలో సెట్టింగులు రాసి ఉండే ఐఎన్‌ఐ ఫైల్లో, చుట్టూ ఎంత దూరం వరకు ప్రపంచాన్ని పూర్తిగా లోడ్ చేయాలో చెప్పే వరస ఒకటుంది. విలువ మామూలుగా 5. దూరపు కొండలు బాగా కనపడాలని 7 చేయమనే సలహా అప్పట్లో ఎక్కడ చూసినా ఉండేది. అసలు చిక్కేమిటంటే, 7 పెట్టి ఆడి సేవ్ చేశాక మళ్లీ 5కి దించితే ఆ సేవ్ తెరుస్తుంటే ఆట కుప్పకూలుతుంది. "ముందు సేవ్‌లు కాపీ చేసి దాచుకోండి" అన్న మాట ఆ అంకె కంటే పైన ఉండాలి. రాతలో పైనే పెడతారు, చదవకుండా కిందికి పోవడం కష్టం. వీడియోలో అంకె రెండో నిమిషంలో చెప్పి, హెచ్చరిక ఏడో నిమిషంలో చెప్తే, మూడో నిమిషంలోనే ఫైలు మార్చేసి వెళ్లిపోయేవాళ్ల సేవ్ ఏం కావాలి? తెర మీది వరసని కాపీ చేసుకోవడమూ కుదరదు, చూసి టైప్ చేయాలి. సున్నాకీ ఓ అక్షరానికీ తేడా తెలియదు. వీడియో కుదింపులో రంగుల సమాచారం వెడల్పులోనూ ఎత్తులోనూ సగానికి తగ్గించి దాస్తారు, అందుకే నల్ల తెర మీద సన్నటి ఎర్ర అక్షరాలు అంత అలుక్కుపోయి కనిపిస్తాయి.

వీడియో గెలిచే చోట్లు లేవని అనను. కాలం మీద ఆధారపడే ప్రతిదీ దానిదే. సెకనుకి 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) ఆటలో ఒక ఫ్రేమంటే 16.67 మిల్లీసెకన్లు. బాస్ అనే పెద్ద శత్రువు కత్తి ఎత్తి, ఆపి, ఆలస్యంగా దించే ఆ లయని మాటల్లో ఎంత చెప్పినా చేతికి అందదు, చూడాలి. ఆట మధ్యమధ్య తడబడటం కూడా అంతే, సగటు 60 ఫ్రేములని అంకె వేసినంత మాత్రాన తెలియదు. ఫైటింగ్ గేమ్స్‌లో మాత్రం రెండూ కావాలి. దిక్కుల్ని నంబర్ ప్యాడ్ మీది అంకెలతో చెప్పే పద్ధతిలో 236 అని రాస్తే కింద, కింద-ముందు, ముందు అని ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుంది. ఆ వరస ఎక్కడ ఆపి ఎప్పుడు నొక్కాలో క్లిప్ చూపించాలి. అయితే 120 ఫ్రేముల మోడ్ ఎలా ఉందో యూట్యూబ్‌లో చూసి తేల్చుకోవద్దు, అక్కడ 60కి మించి ఆడదు.

రాతల పక్కనా నాకు కోపం తెప్పించేవి ఉన్నాయి. "ఈ తలుపు ఎలా తెరవాలి" అని శీర్షిక పెట్టి, ఆట ఎప్పుడొచ్చింది, ఎవరు తీశారు అని ఆరు పేరాలు నడిపి, చివర్లో జవాబు పెట్టే సైట్లు వీడియో జబ్బునే రాతలోకి తెచ్చాయి. అంతకంటే నష్టం డిస్కార్డ్ చాట్ గదుల్లోకి వెళ్లిపోయిన పరిజ్ఞానం. బాగా తెలిసినవాళ్లు అక్కడే రాస్తున్నారు, సెర్చ్ ఇంజన్లకి అది అందదు. సర్వర్ మూసేస్తే మొత్తం పోతుంది. అంత కష్టపడి రాసింది ఒక మామూలు పేజీలో పెడితే ఇంకెందరికో అందేది.

మీరే రాయాలనుకుంటే మొదటి వరసలో ఆట వెర్షన్, ప్లాట్‌ఫామ్, కష్ట స్థాయి, తేదీ వేయండి. "ఎడమవైపు తిరుగు" అని రాయొద్దు, కెమెరా తిరిగితే ఎడమ మారిపోతుంది. మ్యాప్‌లో ఉత్తరం అనో, విరిగిన విగ్రహం ఉన్న వైపు అనో రాయండి. వస్తువుల పేర్లు ఆటలో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఉండాలి, లేకపోతే వెతికినవాళ్లకి దొరకవు. ఒక మెట్టుకి ఒకే పని, దాని పక్కనే అది సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుందో ఒక మాట: "గేటు చప్పుడు వినిపిస్తుంది", "నీరు రెండో తలుపు గడపదాకా వస్తుంది". స్క్రీన్‌షాట్ మొత్తం పెట్టకుండా కావలసిన ముక్క కత్తిరించి, ఒకే ఒక్క బాణం గుర్తు వేయండి. కాలం చూపించాల్సిన చోట పది పదిహేను సెకన్ల క్లిప్, శబ్దం లేకుండా, తనంతట తాను తిరిగి మొదలయ్యేలా, ఆ మెట్టు కిందనే పెట్టండి. శబ్దం ఎందుకు వద్దంటే, ఎల్డెన్ రింగ్ లాంటి ఆటల్లో మెనూ తెరిచినా ఆట ఆగదు, శత్రువు వస్తున్న అడుగుల చప్పుడు చెవికి వినపడుతూ ఉండాలి.