జిరాక్స్ షాపు పెట్టబోతున్న మేనల్లుడికి

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడ సింగ్ నగర్‌లో షాపు మాట్లాడుకున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఏ మిషను కొనాలో, టోనర్ ఎక్కడ చవకో నాకంటే నువ్వే బాగా కనుక్కుంటావు. బ్రాడీపేటలో ఇరవై రెండేళ్లు ఆ మిషను మూత ఎత్తీ దించీ బతికినవాణ్ణి కాబట్టి, నేను కాగితం సంగతి చెబుతా.

ఒకసారి సాయంత్రం బండి మీద నుంచి బజ్జీలు తెప్పించుకున్నా. రెండు తిన్నాక చూస్తే పొట్లం కాగితం మీద ఒకావిడ మొహం. నూనె మరకలోంచి పేరు, ఇంటి నంబరు, 12 అంకెలూ చక్కగా కనపడుతున్నాయి. అంతకు వారం ముందు వంకరగా పడిందని నేనే పక్కన పడేసిన ఆధార్ కాపీ అది. చిత్తుకాగితాలు కిలోల లెక్కన అమ్మిందీ నేనే. ఆవిడ మిర్చికి తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. మళ్లీ షాపుకొచ్చినప్పుడు చెబుదామనుకున్నా, నోరు రాలేదు. చిల్లర తీసుకోకుండా పంపించా, అదేదో పరిహారమైనట్టు.

అందుకని, పాడైన కాపీని కస్టమరు చేతికే ఇచ్చెయ్. వద్దంటే వాళ్ల కళ్లముందే చించు. పెద్ద ముక్కలుగా కాదు, అంకెలు విడిపోయేటట్టు.

కంప్యూటర్ ఇంకా పెద్ద చెత్తకుండీ. అందరూ షాపు వాట్సాప్‌కి కార్డు పంపి ప్రింటు తీయమంటారు. డౌన్‌లోడ్ ఫోల్డరు నిండిపోతుంది, ఫోన్ గ్యాలరీలో మీ ఆవిడ ఫొటోల పక్కనే ఊళ్లోవాళ్ల కార్డులు చేరతాయి. ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉందిలే అనుకోకు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టుంటుంది. రాత్రి షట్టరు దించే ముందు అన్నీ తీసెయ్, రీసైకిల్ బిన్‌తో సహా. ఓటీపీ వస్తే గట్టిగా చదవొద్దని చెప్పు. వెనక నలుగురు నిలబడి ఉంటారు.

మీ పేటకు ఇంకో చిక్కుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకొచ్చి కాగితాలన్నీ ముద్దయిపోయినవాళ్లే రేపు నీ కస్టమర్లు. ‘ఒక కాపీ నీ దగ్గర ఉంచు బాబూ, మళ్లీ వరదొస్తే ఎక్కడ తిరగను’ అంటారు. ఆ మాటకు మనసు కరుగుతుంది. అయినా ఉంచకు. ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే ఆ ఫోన్లో డిజిలాకర్ పెట్టుకోమను, కార్డులు దాచుకునే సర్కారు యాప్ అది. లేకపోతే లామినేషన్ చేసిచ్చి, కవర్లో చుట్టి అటక మీద పెట్టుకోమను.

కౌంటర్లో కూర్చుంటే ఒకటి తెలిసొస్తుంది. ఫ్లాటులో పనికి చేరే ఆడమనిషి అసోసియేషన్‌కి ఇవ్వాలని ఆధార్ కాపీ తీయించుకుంటుంది. ఆ ఫ్లాటు ఓనరు కాపీ ఆవిడకెవరూ ఇవ్వరు. నెలకోసారి రేషనుకి, ఒకటో తారీఖున పింఛనుకి, మధ్యలో ఏ పథకానికో, లేనివాడే మాటిమాటికీ తానెవరో రుజువు చేసుకోవాలి. కాపీ ఎందుకని అడగడం వాళ్లకు అలవాటు లేదు, నువ్వడుగు. మనిషిని గుర్తుపట్టడానికే అయితే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసివ్వు. ఎక్కడైనా పూర్తి నంబరే కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు.

‘పేదోళ్లకి ప్రైవసీ ఏంటి మామయ్యా’ అని నవ్వుతావేమో. ఇంచుమించు ఇదే వాదన సర్కారు తరఫున సుప్రీంకోర్టులోనూ వినిపించింది. పుట్టస్వామి అనే రిటైర్డ్ హైకోర్టు జడ్జి వేసిన కేసులో 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. అది ఉన్నవాళ్ల గోల అన్న మాటను జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో కొట్టిపారేశారు. మరుసటేడు 2018 సెప్టెంబరులో ఇంకో తీర్పు. బ్యాంకు ఖాతాకీ సిమ్ముకీ ఆధార్ తప్పనిసరి చేయకూడదన్నారు, సర్కారు ఇచ్చే రాయితీలకీ పథకాలకీ మాత్రం అడగొచ్చన్నారు. పన్ను కట్టేవాళ్లకీ పాన్‌తో లింకు తప్పలేదనుకో. అయినా వెసులుబాటు ఎవరికి ఎక్కువ దొరికిందో నువ్వే చూడు.

ఆధార్‌కి వేలిముద్ర పనిచేయకుండా వేసే బయోమెట్రిక్ లాక్ సంగతీ అంతే. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి ఖాతాల్లో డబ్బు లాగేసిన కేసులు మన తెలుగు నాట బయటపడ్డాయి. లాక్ వేసుకుంటే ఆ భయం తగ్గుతుంది. ఉద్యోగస్తుడైతే నిశ్చింతగా వేసుకుంటాడు, వాడు వేలు పెట్టేదే తక్కువ. రేషను తీసుకునే ముసలమ్మకి మాత్రం నువ్వు సాయం చేస్తున్నాననుకుని లాక్ వేశావో, డీలరు దగ్గర మిషను ఒప్పుకోదు. తెరవాలంటే లింకయిన ఫోన్ కావాలి, అదేమో కొడుకు దగ్గరుంటుంది. విషయం చెప్పి, వాళ్లు సరేనంటేనే వెయ్.

కూలి చేతులకు అసలు ముద్రలే సరిగా పడవు, అరిగిపోయుంటాయి. అలాంటివాళ్లను ‘చెయ్యి బాగా తుడువు’ అని కసరకు. కంటిపాపతో గుర్తుపట్టే ఐరిస్ మిషను ఉందేమో డీలర్ని అడగమను, లేదా ఆధార్ సెంటర్లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకోమను. ఆ పని మన షాపుల్లో జరగదు. చేసిస్తానని డబ్బులు పుచ్చుకునేవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, వాళ్లతో నీకు పొత్తొద్దు.

కాగితాలు ముక్కలు చేసే నా పాత మిషను అటక మీదుంది. ఒకసారికి నాలుగు కాగితాలే నములుతుంది, చప్పుడు ఎక్కువ. వచ్చే ఆదివారం నాన్‌స్టాప్ బస్సులో తెస్తా. ప్లగ్గు దగ్గర వైరు కాస్త తేలింది, టేపు కొనుంచు.

మీ మామయ్య
గుంటూరు