బ్రైడ్ అండ్ ప్రెజుడిస్: ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ‘బ్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఇంట్లో పెద్దవాళ్ళతో చూడదగ్గ సినిమానేనా అని ఒకటి. మన సినిమా పద్ధతీ ఇంగ్లీషు వాళ్ళ సినిమా పద్ధతీ కలిపితే అసలు అతుకుతుందా అని రెండోది. మొదటిదానికి జవాబు తేలిక: నిక్షేపంగా చూడొచ్చు. హీరో హీరోయిన్ల మధ్య ముద్దు సీను కూడా లేదు, రిమోట్ చేత్తో పట్టుకుని టెన్షన్ పడక్కర్లేదు. రెండోదానికి మాత్రం, పెళ్ళి గొడవలో అతికింది, ప్రేమలో అతకలేదు అంటాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. బండెక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరు అటు వెళ్ళింది, ఇళ్ళల్లో తెలుగు ఉండిపోయింది. (గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మరి, ఊరికే పోతుందా!) మా వదిన గుణుపురం నుంచి వచ్చిన ఒడియా అమ్మాయి. మా మేనత్తకి తెలుగు, ఒడియా వచ్చు, సీరియల్స్ పుణ్యమా అని హిందీ అర్థమవుతుంది, ఇంగ్లీషు రాదు. వదిన వాళ్ళమ్మగారికి ఒడియా, హిందీ. వీళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఈ సినిమా పెడితే ఎవరు ఎక్కడ నవ్వుతారో, ఎవరు ఎక్కడ ఫోన్ తీస్తారో స్పష్టంగా కనిపిస్తుంది.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. 1813లో జేన్ ఆస్టెన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలని దర్శకురాలు గురిందర్ చడ్ఢా 2004లో అమృత్‌సర్‌కి తెచ్చింది. నవల్లో అయిదుగురు అక్కచెల్లెళ్ళు, ఇక్కడ నలుగురు. రెండో అమ్మాయి లలితగా ఐశ్వర్యా రాయ్. డార్సీ అమెరికాలో హోటళ్ళున్న కుటుంబం కుర్రాడు, మార్టిన్ హెండర్సన్ వేశాడు. పెద్దమ్మాయి జయ ఎవరో మన తెలుగువాళ్ళకి పరిచయం చేయక్కర్లేదు, నమ్రతా శిరోద్కర్. అదే ఏడాది సంక్రాంతికి ‘అంజి’లో చిరంజీవి పక్కన కనిపించింది, మరుసటి ఏడాది మహేష్ బాబుని పెళ్ళి చేసుకుంది. మా అత్తకి మొదటి పావుగంట సినిమా మీద శ్రద్ధ కుదరడానికి ఆ అమ్మాయే కారణం.

పెళ్ళి గొడవ అన్నాను కదా. నవల్లో ఆ తల్లికి కూతుళ్ళ పెళ్ళిళ్ళ తొందర ఎందుకంటే, తండ్రి పోతే ఇల్లూ ఆస్తీ దూరపు బంధువైన మగవాడికి పోతాయి. ఆ చిక్కు సినిమాలో లేదు. దాని బదులు ఫారిన్ సంబంధం పెట్టారు. లాస్ ఏంజెలస్‌లో అకౌంటెంట్‌గా స్థిరపడ్డ కోహ్లి అనేవాడు పెళ్ళాం కోసం అమృత్‌సర్ వస్తాడు. నితిన్ గణత్రా ఆ పాత్రని పిండేశాడు. నోరు తెరిచి నములుతూ, తన ఇంటి గురించీ గ్రీన్ కార్డు గురించీ చెప్పుకుంటూ, ఇండియాలో ఏమీ బాగాలేదంటూ... వదిన వాళ్ళమ్మగారు “ఈయన మన బరంపురం వాళ్ళకి ఏమవుతాడు?” అని సీరియస్‌గా అడిగారు. అందరం పగలబడి నవ్వాం గానీ ఆవిడ అడిగింది వాస్తవమే. మా వైపు ఒకప్పుడు విశాఖ సంబంధమంటే గొప్ప, ఆ తర్వాత హైదరాబాద్, ఇప్పుడు డల్లాస్. అబ్బాయి సెలవు మీద వచ్చిన పది పదిహేను రోజుల్లో నాలుగిళ్ళలో పెళ్ళిచూపులు చూసి, ఒకటి ఖాయం చేసుకుని వెళ్ళడం మేం చూడని సంగతేం కాదు.

కోహ్లి వెళ్ళాక అక్కచెల్లెళ్ళు నైట్ డ్రెస్సుల్లో గదిలో గెంతుతూ అతన్ని ఎగతాళి చేస్తూ పాడే పాట ఉంది, ‘నో లైఫ్ వితౌట్ వైఫ్’. మాటలు ఇంగ్లీషు, అల్లరి మాత్రం మనింటిది. చుట్టాలు గుమ్మం దాటగానే లోపలి గదిలో మొదలయ్యే మిమిక్రీ మీ ఇంట్లో లేదా? మా అత్త ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం కాకుండానే “ఏమే, ఇంకోసారి వెయ్యి” అంది. పాశ్చాత్య మ్యూజికల్‌లోలాగా పాత్రలు తమ గదిలోనే పాడుకుంటాయి, మన సినిమాలోలాగా ఇల్లంతా కలిసి ఆడుతుంది. రెండూ ఒకే మంచం మీద జరిగిపోతాయి. ఈ సినిమాలో కలయిక నిజంగా కుదిరిన చోటు చూపించమంటే నేను ఇదే చూపిస్తాను.

మూడో అమ్మాయి మాయ చేసే నాగిని డాన్సు కూడా అంతే. నవల్లో మేరీ పియానో వాయించి తండ్రి పరువు తీస్తుంది. ఇక్కడ అతిథుల ముందు మాయ పడగ విప్పుతుంది, తల్లి మురిసిపోతుంది, మిగతావాళ్ళు ఎటు చూడాలో తెలియక కూర్చుంటారు. మా చెల్లికి చిన్నప్పుడు ఎవరొచ్చినా “ఒక పాట పాడమ్మా” అనే శిక్ష ఉండేది. ఆ సీనప్పుడు అది దిండు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇక ప్రేమ దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు రొమాంటిక్ కామెడీలో హీరో మాటలతో గెలుస్తాడు, వాదించి, ఓడి, క్షమాపణ చెప్పి. మన దాంట్లో పాటతో గెలుస్తాడు. డార్సీకి ఈ సినిమా రెండూ సరిగా ఇవ్వలేదు. నిజానికి మొదలుపెట్టిన తీరు ముచ్చటగా ఉంటుంది: పెళ్ళిలో అతను లలితతో ఆడకుండా తప్పించుకుంటే, పొగరనుకుని ఆవిడ మండిపడుతుంది. అసలు సంగతి పైజామా బొందు ఆగుతుందో లేదోనని అతని భయం! అలవాటు లేని పైజామా తొడుక్కుని మన పెళ్ళికొచ్చిన ఏ దొరకైనా తప్పని అవస్థ. గోవా హోటల్ గొడవ కూడా పదునుగానే ఉంది. ఇండియాకి జనం రావాలి గానీ ఇండియన్లతో పని పడకూడదు, అదేగా మీ వ్యాపారం అని లలిత దులిపేస్తుంది. కాలిఫోర్నియాలో అతని తల్లి, యోగా, మసాలాలు, దీపక్ చోప్రా లాంటి గురువులు అన్నీ ఇక్కడే ఉంటే ఇండియా దాకా వెళ్ళడమెందుకన్నట్టు మాట్లాడుతుంది.

ఇంత బాగా పోట్లాడుకున్నవాళ్ళు ప్రేమించుకోవడానికి వచ్చేసరికి దర్శకురాలు సముద్రపు ఒడ్డున చర్చి గాయక బృందాన్ని నిలబెట్టి పాడించేసింది. హీరో నోరు మెదపడు, చక్కగా నడుస్తాడు. సరిగ్గా అక్కడే మా వాళ్ళ ఫోన్లు బయటికొచ్చాయి. వదిన అయితే “ఇతను పాడడా?” అంది. ఆవిడ ఒడియా సినిమాలు, తెలుగు సినిమాలు రెండూ చూసి పెరిగింది. రెండింటిలోనూ డ్యూయెట్ అంటే ఇద్దరూ పాడాలి. ముద్దు ఉండే సినిమాలో పాట లేకపోయినా చెల్లుతుంది, పాట ఉండే సినిమాలో ముద్దు లేకపోయినా చెల్లుతుంది. ఇక్కడ ముద్దూ లేదు, అతనికి పాటా లేదు. హెండర్సన్ తప్పు అని నేను అనను. చేయడానికి అతనికి పనే ఇవ్వలేదు.

లండన్‌లో చిన్న చెల్లెలు, డార్సీకి అస్సలు పడని మోసగాడు వికమ్‌తో వెళ్ళిపోయాక వచ్చే కొట్లాట మాత్రం భలే తమాషా. సినిమా హాల్లో తెర మీద మనోజ్ కుమార్ ‘పూరబ్ ఔర్ పశ్చిమ్’ ఆడుతుంటుంది, దాని ముందు డార్సీ, వికమ్ తన్నుకుంటారు. ఒక్క ఆ రెండు నిమిషాలు డార్సీ మన హీరో అయ్యాడు. ఆ తర్వాత ఏనుగులు, పెళ్ళి, శుభం. ముగింపు తరుముకొచ్చినట్టు ఉంటుంది.

పోల్చి చూసుకోవాలంటే ‘ప్రియురాలు పిలిచింది’ చూడండి. రాజీవ్ మేనన్ 2000లో తమిళంలో తీసి తెలుగులోకి డబ్ చేసింది. అదీ ఆస్టెన్ నవలే, ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. అందులోనూ ఐశ్వర్యే. కాకపోతే అక్కడ వాళ్ళు పాశ్చాత్య పద్ధతి జోలికి పోలేదు. నవలని పూర్తిగా మనింటికి తెచ్చేసుకుని, రెహమాన్ పాటలు పెట్టి, ఇది ఇంగ్లీషు కథ అని ఎవరికీ అనుమానం రాకుండా చేశారు. మా అత్తకి చెప్తే నమ్మలేదు. నా ఓటు దానికే. చడ్ఢా సినిమా మాత్రం రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది, తెలిసే పెట్టింది, అందుకే దాన్ని చూస్తే వచ్చే నవ్వు వేరు.

ఏ భాషలో చూడాలన్నది మీ ఇంటిని బట్టి. ‘బల్లే బల్లే! అమృత్‌సర్ టు ఎల్.ఎ.’ పేరుతో హిందీ వెర్షన్ ఉంది, పెద్దవాళ్ళుంటే అదే మంచిది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు మాత్రం ఇంగ్లీషులోనే చూడండి. కోహ్లి అమెరికా యాస హిందీలో సగం చచ్చిపోతుంది. సంతోష్ శివన్ కెమెరా, సరోజ్ ఖాన్ డాన్సులు ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి మొదటి అరగంట పెళ్ళి సందడికి లోటుండదు. నిడివి రెండు గంటల లోపే, భోజనాలయ్యాక మొదలుపెట్టినా నిద్రకి ఆలస్యం కాదు.

నవల ముందు చదవాలా అంటారేమో. అక్కర్లేదు. తర్వాత చదవండి. అందులో తల్లి నోరు విప్పిన ప్రతిచోటా మీకు నాదిరా బబ్బర్ గొంతే వినిపిస్తుంది, తండ్రి తన పుస్తకాల గదిలో దాక్కుంటే అనుపమ్ ఖేర్ కనిపిస్తాడు. నాకైతే ఆ తల్లిని చదువుతుంటే మా అత్త కూడా గుర్తొచ్చింది, కానీ ఆవిడకి చెప్పలేదు.